ఇష్టానికి గడి లేదు

జోగారావు జుట్టుని పొద్దున్న ఎనిమిదింటికి పధ్నాలుగో నంబరు బెడ్డు మీద అడ్మిట్ చేసుకుంటారు. జుట్టు ఇంకా అతని తలకే ఉంది. అందుకని అతను బెడ్డు పక్కన స్టూలు వేసుకుని కూర్చోవాల్సి వస్తుంది.

కాలిన గాయాల వార్డులో జోగారావు తొమ్మిదేళ్ళుగా నర్సు. పేషెంట్లందరికీ బ్రదరు. తెల్ల చొక్కా ఇస్త్రీ మడత నలగనివ్వడు, గోళ్ళు పెరగనివ్వడు. జుట్టు మాత్రం నడుం దాకా ఉంటుంది. రోజూ డ్యూటీ ఎక్కేముందు దాన్ని నున్నగా దువ్వి, మెడ వెనక బిగించి ముడి చుట్టి, పన్నెండు పిన్నులు గుచ్చి, పైన నల్ల నెట్టు వేస్తాడు. ఇన్నేళ్ళలో ఒక్క వెంట్రుక ఎవరి గాయం మీదా పడలేదు.

ఇవాళ రౌండ్స్‌కి వచ్చిన సూపరింటెండెంటు విశ్వపతి గారు ముడి విప్పమంటారు. కొలవాలట. టేపు మెడ దగ్గర పెట్టి కిందికి వదులుతారు. టేపు అయిపోతుంది. ఇంకో టేపు తెప్పిస్తారు, అదీ అయిపోతుంది. జుట్టు మాత్రం నడుం దాకానే ఉంది.

"మగ నర్సుకి ఇంత పొడవంటే రోగమే," అని కేస్ షీటు తీస్తారాయన.

"నాకేం రోగం లేదు సార్."

"నీకెవరన్నారయ్యా? నీ జుట్టుకి. నువ్వు డ్యూటీలోనే ఉన్నావు. గంటగంటకీ దానికి జ్వరం చూసి రాస్తూ ఉండు."

జోగారావు థర్మామీటరు జుట్టు మడతలో పెట్టి చూస్తాడు. తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు. రాస్తాడు. ఏ రోగమూ లేని పేషెంటుకి సేవ చెయ్యడం ఎంత విసుగో అతనికి మొదటి గంటలోనే తెలిసిపోతుంది.

ఆరు బెడ్ల అవతల, ఇరవయ్యో నంబరులో చిన్నప్పన్న ఉన్నాడు. పెళ్ళివంటల మేస్త్రి. జిలేబీ పాకం ఒలికి ఎడం చెయ్యి భుజం నుంచి మణికట్టు దాకా కాలింది. రోజూ పదింటికి కట్టు మార్చాలి. జోగారావు సెలైన్‌తో కట్టుని అరగంట నానబెట్టి, నిద్రపోతున్న పిల్ల మీంచి దుప్పటి తీసినట్టు తీస్తాడు. మిగతావాళ్ళకి అంత తీరిక ఉండదు, లాగేస్తారు. జోగారావు సెలవు పెట్టిన రెండు రోజులూ అప్పన్న తలగడ అంచు కొరికి దూది బయటికి తీశాడు.

"బ్రదరు బాబూ! పదవుతోంది. కట్టు ఎండిపోతన్నాది."

"వస్తున్నానయ్యా."

జోగారావు లేచి రెండడుగులు వేస్తాడు. జుట్టు తాడులా బిగుసుకుంటుంది. మళ్ళీ లాగుతాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి గానీ బెడ్డు కదలదు. ఇనుప కోళ్ళు నేలలోకి వేళ్ళు దిగినట్టున్నాయి.

హెడ్ సిస్టర్ సువార్తమ్మ గారు డిశ్చార్జి ఫారం పట్టుకుని వస్తుంది. జోగారావుకి కట్టు తియ్యడం నేర్పింది ఆవిడే. ఫారంలో ఒక్కటే ప్రశ్న: పొడవుకి కారణం. కింద మూడు గడులు. మొక్కు. రోగం. దుఃఖం.

"నాది వీటిలో ఏదీ కాదు సిస్టర్. పెంచుకున్నాను. ఇష్టం, అంతే."

"ఇష్టానికి గడి లేదు నాయనా."

అతను గడుల పక్కన ఖాళీలో 'ఇష్టం' అని రాస్తాడు. అక్షరాలు కాసేపు నిలబడి, కాగితం అంచు దాకా నడిచి, కింద పడతాయి. సువార్తమ్మ ఇంకో ఫారం తీస్తుంది. ఈసారి గట్టిగా నొక్కి రాస్తాడు. ఈసారి గట్టిగా చప్పుడు చేస్తూ పడతాయి. ఊడ్చే రాజులమ్మ వచ్చి, "ఏటి బాబూ ఈ సెత్త!" అని చేటలోకి ఎత్తుకుపోతుంది.

ఫారం పాడైనప్పుడల్లా పధ్నాలుగో బెడ్డుకీ అప్పన్న బెడ్డుకీ మధ్య ఒక కొత్త బెడ్డు వచ్చి చేరుతుంది. దాని మీద దుప్పటి మడత పెట్టే ఉంటుంది, పేషెంటు ఉండడు. పదకొండయ్యేసరికి అప్పన్న బెడ్డు నంబరు ముప్ఫై తొమ్మిది. అతని మాట పక్కవీధిలోంచి వచ్చినట్టు వస్తోంది.

"బ్రదరూ! సెయ్యి మంటెత్తిపోతన్నాది బాబూ!"

"మొక్కు అని రాసెయ్యి," అంటుంది సువార్తమ్మ గొంతు తగ్గించి. "నేను సంతకం పెడతాను. మొక్కుని ఎవరూ ఏమీ అనరు."

జోగారావు పెన్ను మొదటి గడి మీద పెడతాడు. ఒక్క టిక్కు చాలు, అప్పన్న దగ్గరికి పోవచ్చు. పెన్ను అక్కడే ఆగిపోతుంది. ఇవాళ మొక్కు అంటే రేపు ఏ దేవుడికి అంటారు. ఎల్లుండి ఎప్పుడు తీరుస్తావంటారు. తీర్చడమంటే కత్తెరే.

"రాయలేను సిస్టర్."

"అయితే ఇదిగో." ఆవిడ ట్రేలోంచి కత్తెర తీసి చూపిస్తుంది. "ఒక్క నిమిషం పని. మళ్ళీ పెరుగుతుంది కదా."

"పేషెంటని కేస్ షీటు రాశారు. పేషెంటుని కోసేసి డిశ్చార్జి అంటామా?"

సువార్తమ్మ కత్తెర తిరిగి ట్రేలో పెడుతుంది.

"మీ జడకి ఏ గడిలో టిక్కు పెట్టారు సిస్టర్?" అని అడుగుతాడు జోగారావు. కోపంతోనే అడుగుతాడు.

ఆవిడ తలమీది టోపీ తడుముకుంటుంది. "ముప్ఫై ఏళ్ళ సర్వీసు. నన్నెవరూ అడగలేదు," అంటుంది. "అడిగితే ఏం చెప్పేదాన్నో!" అని మిగిలిన ఫారాలన్నీ నిలువుగా చింపేస్తుంది.

తప్పు పని అది. చింపిన ఫారాలు పదహారు. పదహారు బెడ్లు ఒక్కసారే దిగుతాయి. అప్పన్న బెడ్డు ఇప్పుడు చుక్కంత కనిపిస్తోంది. మాట వినపడటం లేదు.

జోగారావు స్టూలుని ఒక్క తన్ను తంతాడు. తొమ్మిదేళ్ళలో వార్డులో అతను చేసిన మొదటి చప్పుడు అది. తర్వాత అద్దం తలుపులో తన బొమ్మ చూసుకుంటాడు. డ్యూటీ టైములో, పేషెంట్ల మధ్య, జుట్టు విరబోసుకుని నిలబడ్డాడు. సూపరింటెండెంటు గారు చేసిన అవమానం కన్నా అది ఎక్కువ సిగ్గనిపిస్తుంది.

బెడ్డు పక్కనున్న సింకులో చేతులు కడుక్కుంటాడు. జుట్టు నున్నగా దువ్వుతాడు. మెడ వెనక మొదటి చుట్టు చుడతాడు.

పధ్నాలుగో బెడ్డు కిర్రుమంటూ దగ్గరికి వస్తుంది. రెండో చుట్టుకి అది ముడిలోకి వెళ్ళిపోతుంది. ఆ వెనకే పదిహేను, పదహారు. కింది నేల బొంత చుట్టినట్టు మడతలు పడుతూ వస్తోంది. జోగారావు ఎప్పటిలాగే తొందరపడకుండా, వదులు లేకుండా చుడతాడు. గోడలు వస్తాయి. మందుల గది వస్తుంది. సూపరింటెండెంటు గారు బల్లతో, కుర్చీతో, టేపులతో వస్తారు. "కారణం చెప్పు!" అంటూనే లోపలికి పోతారు.

"లోపల పేషెంట్లున్నారు కదా. నేనూ అక్కడే ఉంటాను," అని సువార్తమ్మ ముడి అంచు ఎత్తి, తల వంచుకుని లోపలికి నడుస్తుంది.

చివరికి అప్పన్న బెడ్డు జోగారావు మోకాళ్ళకి వచ్చి తగులుతుంది. అతను చుట్టడం ఆపి పన్నెండు పిన్నులూ గుచ్చి, పైన నెట్టు వేస్తాడు.

"ఆలీసమైపోనాది బాబూ," అంటాడు అప్పన్న. అతని పెదవి చిట్లి ఉంది.

"అయింది. తప్పు నాదే అనుకో."

కట్టు చెక్కలా ఎండిపోయింది. జోగారావు సెలైన్ పోసి నానబెడతాడు. అరగంట చాలదు, గంట పడుతుంది. మెడ నరాలు తెగిపోతున్నాయి. ముడిలోంచి విశ్వపతి గారు గోడకొట్టి మరీ కారణం అడుగుతున్నారు. ఆ దెబ్బలు జోగారావు పుర్రెకి తగులుతున్నాయి. పళ్ళు బిగించి, ఒక్కో పోగూ విడదీసి, కట్టు తీస్తాడు. కింద చర్మం గులాబీ రంగులో, తడిగా, బతికి ఉంది. అప్పన్న నొప్పి కోసం ఎదురుచూసి, అది రాకపోయేసరికి ఊపిరి వదులుతాడు.

"బరువుగా ఉందేటి బాబూ, తల?"

"ఉంది."

అప్పన్న ఇంకేమీ అడగడు. మంచి చెయ్యి చాపి ముడి కింద పెట్టి కాస్త ఎత్తి పట్టుకుంటాడు.

నాలుగింటికి పేషెంట్లని చూసుకోడానికి ఊళ్ళోవాళ్ళు వస్తారు. జోగారావు కాలరు మీద చెప్పులు విప్పి, పిన్నులు పట్టుకుని ఎక్కి, ఒకరి వెనక ఒకరు ముడిలోకి వెళతారు. వాళ్ళలో అప్పన్న భార్య నూకాలమ్మ కూడా ఉంది, చేతిలో క్యారేజీ.

"ఇక్కడున్నానే!" అని అరుస్తాడు అప్పన్న. ఆమె అప్పటికే లోపలుంది. లోపల బెడ్డు బెడ్డుకీ ఆగి, మా ఆయనేడీ అని అడుగుతోంది.

ముడి విప్పితే ఆమె బయటికొస్తుంది. విప్పితే అప్పన్న మళ్ళీ చుక్కంత దూరం పోతాడు. జోగారావు చెయ్యి పిన్ను మీద పెట్టి, తియ్యలేక, నొక్కలేక, అలాగే నిలబడిపోతాడు.

అప్పన్న మళ్ళీ మళ్ళీ పిలుస్తాడు. లోపల అడుగులు ఆగుతాయి. క్యారేజీ గిన్నెలు విప్పిన చప్పుడవుతుంది. జోగారావు జుట్టు వంకాయ పులుసు వాసన వేస్తుంది.

తర్వాత నెట్టు కన్నం ఒకటి సాగి, అందులోంచి గాజుల చెయ్యి ఒకటి అన్నం ముద్దతో బయటికి వస్తుంది. ఎటు పెట్టాలో తెలియక గాలిలో వెతుకుతుంది. జోగారావు నెమ్మదిగా మోకాళ్ళ మీద కూర్చుని, ఆ చెయ్యి అందేంత వరకూ తల వంచుతాడు. అప్పన్న నోరు తెరుస్తాడు.