వాక్యం తెరుచుకునే చోటు

దేవుడు మాట్లాడే వేళకు సువార్తమ్మ చేతిలో ఎప్పుడూ గరిటె ఉండేది. పదహారేళ్ల కాపురంలో ఆ ఇంట్లో కుటుంబ ప్రార్థన ఒక్కనాడూ తప్పలేదు, ఆమె ఒక్కనాడూ దానికి పూర్తిగా కూర్చోలేదు. పొద్దున ఆరింటికి అత్త దయామణమ్మ ముందుగదిలో చాప పరుస్తుంది, భర్త ఏసురాజు గొంతు సవరించుకుని పాట ఎత్తుకుంటాడు, కూతురు మధులత నిద్రకళ్లతో గోడకు ఆనుకుంటుంది. సువార్తమ్మకు మాత్రం వంటింటి గడపకు ఇటొక కాలు, అటొక కాలు. ఉగ్గాని టిఫినుకు నానబెట్టిన బొరుగులు పిండుతూ పాటలో గొంతు కలపాలి, పొయ్యి మీద పాలు పొంగకుండా చూస్తూ కళ్లు మూసుకోవాలి. ఆ రెండో పని ఎట్లా చేయాలో చూపించే మగవాడు ఇంకా పుట్టలేదు. "మే, ఆమెన్ గట్టిగా చెప్పు, దేవునికి వినపడాల" అని అత్త ముందుగదిలోంచి కేకేసేది. ఆయనకు వినపడటానికి అరవక్కర్లేదని సువార్తమ్మకు తెలుసు గానీ, ఆ మాట అనేలోపల పాలు పొంగేవి.

కడప ఎర్రముక్కపల్లెలో ఆ ఇంటికి మంచి పేరుంది. ఏసురాజు కరెంటాఫీసులో గుమాస్తా, చర్చిలో సంఘపెద్ద. వాళ్లింట్లో వాక్యం తీయకుండా ఏ పెద్ద పనీ చేయరని అయ్యగారు ప్రసంగంలో కూడా ఒకటి రెండుసార్లు చెప్పాడు. వాక్యం తీయడమంటే పద్ధతి ఇదీ. చనిపోయిన మామ వాడిన పెద్ద బైబిలును దయామణమ్మ పీట మీద నిలబెట్టి, రెండు చేతులతో పట్టుకుని, ప్రార్థన చేసి వదిలేస్తుంది. పుస్తకం తనంతట తాను తెరుచుకున్న చోట కళ్లు మూసుకుని వేలు పెడుతుంది. వేలి కింద ఏ మాట ఉంటే అదే దేవుని చిత్తం. దానికి పైకోర్టు లేదు.

అయితే పెద్ద పనులన్నిటికీ కాదులెండి. ఏసురాజు స్కూటరు కొన్నప్పుడు ఎవరూ వాక్యం తీయలేదు. "మనసుకు సమాధానం కలిగింది" అన్నాడు, అంటే లోపల దేవుడు నెమ్మది ఇచ్చాడని, కొనేశాడు. మిద్దె మీద ఇంకో గది వేసినప్పుడూ ఆయన మనసుకు సమాధానమే కలిగింది. సువార్తమ్మ సంగతి వచ్చేసరికి మాత్రం ఎవరి మనసుకూ సమాధానం కలిగేది కాదు, పీట వేయాల్సి వచ్చేది.

అట్లా మూడుసార్లు వేశారు. పెళ్లయిన రెండేళ్లకు పక్కవీధి బళ్లో పంతులమ్మగా రమ్మని పిలుపు వస్తే, భార్యలు భర్తలకు లోబడి ఉండాలన్న పుట వచ్చింది. మధులత పుట్టాక ఆమె టీచరు పరీక్షకు దరఖాస్తు పెడతానంటే మళ్లీ అదే పుట. మూడోసారి, రాజంపేటలో నాయనకు ఊపిరితిత్తులు చెడి మంచాన పడితే, ఒక్క నెల పోయి దగ్గరుండి చూసుకుంటానని అడిగింది. అప్పుడూ అదే. ఆ రోజు అత్త వేలు కొంచెం పక్కకు జరిగి, భర్తలు భార్యలను ప్రేమించాలన్న మాట మీద పడింది. "సందర్భం తెలియాలంటే పైనుంచి చదవాల" అని ఏసురాజు మళ్లీ లోబడమన్న దగ్గర్నుంచే ఎత్తుకున్నాడు. చదివి పుస్తకం మూసి, "నేను చెప్పడం లేదు మే, ఆయనే చెప్తాండాడు" అన్నాడు. రెండే రెండు రోజులు ఉండి రమ్మని పంపించారు. ఆమె తిరిగొచ్చిన తొమ్మిదో రోజున నాయన పోయాడు. ఆఖర్లో నిన్నే అడిగినాడమ్మా అని తల్లి చెబితే, సువార్తమ్మ దేవుని మీద కోపం తెచ్చుకోవడానికి కూడా భయపడింది.

రెండువేల ఐదు జూన్‌లో ఒక సోమవారం ఆమె పేరున ఉత్తరం వచ్చింది. చదువు మానేసిన ఆడపిల్లల కోసం వేంపల్లె దగ్గర కొత్తగా పెట్టిన బడిలో తెలుగు చెప్పే పని. పిల్లలతో పాటు అక్కడే ఉండాలి, ఆదివారాలు ఇంటికి రావచ్చు. వచ్చే సోమవారం చేరకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. పక్కింటి రామసుబ్బమ్మ టీచరు ఆ బడి సంగతి చెప్పి దరఖాస్తు నింపించింది. ఉపవాస కూడికకు పోతున్నానని ఇంట్లో అబద్ధం చెప్పి సువార్తమ్మ పోయి అక్కడొక పాఠం చెప్పి వచ్చింది. ఆ అబద్ధానికి మూడు రోజులు నిజంగానే ఉపవాసం ఉంది.

ఆ పాఠం చెప్పిన అరగంటను ఆమె మళ్లీ మళ్లీ తలుచుకునేది. సుద్దముక్క పట్టుకుంటే మొదటి అక్షరం వంకరపోయింది, తర్వాత వేళ్లకే గుర్తొచ్చింది. బోర్డు మీద తన చేతిరాత చూసుకుని ఎన్నేళ్లయిందో. ముందు బెంచీలో ఒక పిల్ల, చేతుల నిండా చెనిక్కాయలు ఒలిచిన మచ్చలు, "మేడమ్, మళ్లా వస్తారా?" అని అడిగింది. ఆ పిల్ల తల నిమిరి వచ్చేసింది. ఇంటికొచ్చాక చపాతీలకు పిండి చల్లుకున్న పీట మీద వేలితో అ ఆలు రాసి, అత్త అడుగుల చప్పుడు వినపడగానే చెరిపేసింది. పోవాలని ఉంది. కడుపులో ఆకలి ఉన్నట్టు ఉంది ఆ కోరిక. దానికంటే లోపల ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరికీ చెప్పలేదు. దేవుడు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, భర్త గొంతుతో కాకుండా తనతో మాట్లాడితే బాగుండునని.

ఉత్తరం చదివి ఏసురాజు కోప్పడలేదు. ఆయన కోప్పడే మనిషి కాదు. మధులత పదో తరగతి అని, అమ్మకు మోకాళ్ల నొప్పులని, సంఘంలో నలుగురూ ఏమనుకుంటారని నెమ్మదిగా చెప్పుకుంటూ పోయాడు. తనకు పొద్దున అన్నం డబ్బా ఎవరు కడతారన్న మాట మాత్రం ఎత్తలేదు, అసలు దిగులు అదే అయినా. "ఆదివారం సాయంత్రం వాక్యం తీద్దాం. దేవుడు పొమ్మంటే నేను అడ్డం పడతానా?" అన్నాడు. సువార్తమ్మ సరేనంది. నాలుగోసారైనా దేవుని మనసు మారకపోతుందా అని గంపెడాశ పెట్టుకుంది.

గురువారం పుస్తకాల బీరువాకు చెద పట్టిందని అత్త అంటే, అందులో ఉన్నవన్నీ మిద్దె మీదికి మోసుకుపోయి ఎండకు పెట్టింది. పెద్ద బైబిలును నులకమంచం మీద నిలబెట్టి దుమ్ము దులుపుతుంటే చెయ్యి జారింది. పుస్తకం తెరుచుకుంది. అదే పుట. ఆదివారం దాకా ఆగకుండా ముందే జవాబు చెప్పేశావా తండ్రీ అని మంచం పట్టె మీద కూలబడింది. ఆ తర్వాత ఎందుకో, చదువుకున్న బుద్ధి కదా, అనుమానం వచ్చింది. ప్రార్థన చేయకుండా, ఏమీ అడగకుండా, పుస్తకాన్ని మూసి మళ్లీ నిలబెట్టి వదిలింది. అదే పుట. సాయంత్రం కూరేం చేయాలి అని అడిగి వదిలింది. దానికీ అదే పుట.

అప్పుడు వేలితో తడిమి చూసింది. ఆ పుట దగ్గర అట్ట వెన్ను లోపలికి విరిగి ఉంది, కుట్టుదారం బయటికి కనిపిస్తోంది. రెండు వైపులా కాగితం మీద అరచేయంత చతురస్రం పసుపుగా మాగి ఉంది. ఆ కొలత చూడగానే ఆమెకు గుర్తొచ్చింది. కొత్తకోడలిగా వచ్చిన వారానికి తన డిగ్రీ, బీయీడీ కాగితాలను అత్త అడిగి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, ప్లాస్టిక్ కవరులో చుట్టి, ఈ పుస్తకం పుటల నడుమ పెట్టింది. వాక్యంలో ఉంటే చెద పట్టదు, దొంగ ముట్టడు అని. వేలి మందాన ఉండేది ఆ కవరు. ఇనుప బీరువా కొనేదాకా, తొమ్మిదేళ్లు అందులోనే ఉంది. వాక్యం తీసే రోజున అత్త ఆ కవరును తీసి పక్కన పెట్టేది, అయిపోగానే తిరిగి అక్కడే పెట్టేది. పెట్టేవాళ్లకు తట్టలేదు, చూసేవాళ్లకు తట్టలేదు, బీయీడీ చదివిన తనకూ తట్టలేదు.

సువార్తమ్మకు నవ్వొచ్చింది. పక్కమిద్దె మీద వడియాలు పెడుతున్న రామసుబ్బమ్మ తలెత్తి చూసేంత గట్టిగా నవ్వింది. తన చదువే పుస్తకం నడుం విరిచి, తనకు వద్దు వద్దు అని చెప్పించింది. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపైందో ఆమెకే తెలియదు. నాయన గుర్తొచ్చాడు. ఒక ప్లాస్టిక్ కవరు మడతకు లోబడి, తాను ఆయన నోట్లో నాలుగు గుక్కలు నీళ్లు పోయలేకపోయింది. అది దేవుడు చెప్పింది కాదు. ఇన్నేళ్లూ చెప్పింది ఆయన కాదు. ఆ సంగతి తెలిసి గుండె తేలికైంది. అయితే ఆయన ఏం చెప్పేవాడు అన్న ప్రశ్న మిగిలి, గుండె మళ్లీ బరువెక్కింది.

ఆ మధ్యాహ్నం పప్పు పొయ్యి మీద పెట్టి, బైబిలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎవరి వేలూ పడని చోట చదవాలనిపించింది. ముందువైపు ఒక దగ్గర అంచులు ఇంకా అంటుకునే ఉన్నాయి. అరణ్యంలో జనాన్ని లెక్కపెట్టిన భాగం అది, అన్నీ పేర్లే, ప్రసంగాలకు పనికిరాదని ఎవరూ తెరవరు. గోటితో విడదీసుకుంటూ చదివింది. రెండు రోజులు పేర్లే చదివింది. మూడో రోజు, శనివారం, మళ్లీ పప్పు ఉడుకుతుంటే ఆ పేర్ల మధ్యలో అయిదుగురు అక్కచెల్లెళ్లు కనిపించారు. తండ్రి చనిపోయాడు, అన్నదమ్ములు లేరు, ఆడపిల్లలకు భూమి ఇచ్చే ఆచారం లేదు. ఆ అయిదుగురూ మోషే ముందుకు, పెద్దలందరి ముందుకు వచ్చి నిలబడి, మా నాయన భాగం మాకివ్వండి అని అడిగారు. మోషేకు ఏం చెప్పాలో తెలియలేదు. పోయి దేవుణ్ణి అడిగాడు. ఆ ఆడపిల్లలు చెప్పింది న్యాయమే అన్నాడు దేవుడు, ఆచారం మార్చమన్నాడు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. అయిదు పేర్లూ విడివిడిగా రాసి ఉన్నాయి.

పప్పు మాడిన వాసన వచ్చినా సువార్తమ్మ లేవలేదు. అడగనిదే అమ్మైనా అన్నం పెట్టదంటారు. ఆ పిల్లలు అడిగేదాకా దేవుడు కూడా నోరు విప్పలేదు. వాళ్లు వాక్యం తీయలేదు, చీట్లు వేయలేదు, మా సంగతి ఇదీ అని నోటితో చెప్పారు. తాను పదహారేళ్లుగా ఆయన్ను ఏం చేయమంటావని అడిగిందే తప్ప, నాకు ఇది కావాలి అని ఏనాడైనా అన్నదా? పొయ్యి ఆర్పి, వంటింటి తలుపుకు గడియ పెట్టి, మోకరించింది. నాయన దగ్గర మొదలుపెట్టింది. బడి గురించి చెప్పింది, చెనిక్కాయల మచ్చల పిల్ల గురించి చెప్పింది, పాల గురించి చెప్పింది, నీ మీద నాకు కోపంగా ఉంది అని కూడా చెప్పింది. లేచేసరికి మోకాళ్ల మీద గచ్చు అచ్చులు పడ్డాయి.

ఆదివారం సాయంత్రం దయామణమ్మ పీట వేసి బైబిలు నిలబెట్టింది. సువార్తమ్మ వచ్చి చాప మీద అందరి మధ్యా కూర్చుంది. ఆమె అట్లా కూర్చోవడం అలవాటు లేక మధులత పక్కకు జరిగింది. అత్త చేతులు వదలబోతుంటే సువార్తమ్మ పుస్తకం మీద చెయ్యి వేసింది.

"వదలొద్దు అత్తా. యాడ తెరుచుకుంటాదో నాకు తెలుసు."

విరిగిన వెన్ను చూపించింది, పసుపు చతురస్రం చూపించింది, కవరు సంగతి చెప్పింది. దయామణమ్మ ఆ మడత మీద వేలు అటూ ఇటూ నడిపి, "నేనే పెట్టినా గదా" అని మెల్లగా అనుకుంది. ఏసురాజు ముఖం ఒక్క క్షణం ఎర్రబడింది. కానీ సంఘపెద్ద కదా, మాట వెతుక్కున్నాడు. ఆ మడత కూడా దేవుని ఏర్పాటే అనుకోవచ్చు గదా అన్నాడు. సువార్తమ్మ దానికి వాదం పెట్టుకోలేదు. పుస్తకం తీసుకుని, ఆ అయిదుగురు అక్కచెల్లెళ్ల కథ మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఆ ఇంట్లో ఆమె అందరికీ వినపడేట్టు వాక్యం చదవడం అదే మొదటిసారి. గొంతు ఎక్కడా తడబడలేదు.

"అయితే దేవుని చిత్తం తెలుసుకోకుండానే పోతావా?" అన్నాడు ఏసురాజు.

"పదహారేండ్లు ఆయనకేం కావాలో అడిగినాం. నాకేం కావాలో ఆయనతో ఒక్కదినమన్నా చెప్పలేదు. నిన్న చెప్పినా. రేపు పొద్దున వేంపల్లె బస్సుకు పోతాండా."

ఏసురాజు తల్లి వైపు చూశాడు, ఏదైనా అంటుందని. దయామణమ్మ కొడుకు వైపు చూడలేదు. ముప్పయ్యేళ్లకే భర్త పోయిన మనిషి, జీవితమంతా పక్కవాళ్ల కోసం వాక్యం తీసిన మనిషి, ముందుకు వంగి కోడలి ముఖంలోకి చూసింది. ఆ గొంతులో వెటకారం లేదు, ఆశ ఉంది.

"చెప్తే ఏమన్న్యాడు మే?"

"ఏమీ అనలేదత్తా," అంది సువార్తమ్మ. "మధ్యలో అడ్డం రాకుండా, నేను చెప్పిందంతా ఆఖరు దాకా విన్న్యాడు."