తోక ముందుగా కొండెక్కిన కారు

హెస్టర్‌కు వీడ్కోళ్లంటే భయం. ఎవరు ప్రయాణమైనా గుమ్మం దాటి రాదు, చెయ్యి ఊపదు. చెయ్యి ఊపితే ఆ మనిషి మళ్లీ రాడని ఆమె నమ్మకం. పోయిన చలికాలం భర్త ఏమస్‌ను సమాధికి సాగనంపినప్పుడు కూడా చేతులు కోటు జేబుల్లోనే పెట్టుకుంది. ఇప్పుడు కారు వంతు వచ్చింది.

రెండు సీట్ల చిన్న కారు అది. పంతొమ్మిది వందల ఇరవై తొమ్మిదిలో తయారైంది. ఆకుపచ్చ రంగు, పడవలా సన్నబడే తోక, మోకాలెత్తు తలుపులు. కుట్టుమిషనంత ఇంజనని ఊరు వెక్కిరించేది. ఆ ఇంజనుతోనే ఏమస్ ఇంగ్లండులోని డెర్బీషైర్ బురదకొండలన్నీ ఎక్కాడు, గొర్రెలదారి కొండ ఒక్కటి తప్ప. ఏటా జరిగే కొండెక్కే కార్ల పోటీలో ఎక్కడా ఆగకుండా పైదాకా పోవాలి, ఆగితే ఓడినట్టే. బురదలో వెనక చక్రాలు జారినప్పుడు పక్కన కూర్చున్న మనిషి ఎగిరెగిరి కూలబడి వాటిమీద బరువు వెయ్యాలి. నలభై ఏళ్లు ఆ పని హెస్టర్‌దే.

మొన్న లండన్ నుంచి లోవిక్ అనే మ్యూజియం ఆయన వచ్చాడు. కారును అద్దాల గదిలో పెడతానన్నాడు. ఆమె కాదనలేకపోయింది. అన్న కూతురు థర్జా మాత్రం గయ్యిమంది. ఆ పిల్ల బేకరీ వ్యాను నడుపుతుంది.

"పందెం అత్తా. గొర్రెలదారి ఎక్కితే కారు మనింట్లోనే. ఎక్కకపోతే అద్దాల గదికే."

"మీ మామయ్య వల్ల కానిది నీ వల్లవుతుందిటే?"

"ఆయనకి నువ్వున్నావు. నాకూ నువ్వే ఉన్నావుగా!"

డెబ్బై రెండేళ్ల హెస్టర్ ఆ మాటకి లొంగిపోయింది. ఏమస్ తోలుటోపీ తలకి బిగించుకుని ఎక్కి కూర్చుంది.

కొండ కింద వరుసలో ఇంకా రెండు కార్లు ముందున్నాయి. లోవిక్ మెరిసే బూట్లతో గట్టుమీద నిలబడి చూస్తున్నాడు. హెస్టర్ ఊరికే ఉండలేక ట్యాంకు మూత తీసి పుల్ల ముంచింది. అడుగున రెండు వేళ్ల మేరే తడిసింది.

"ఒసేయ్, పెట్రోలు ఏదే?"

"బరువు తగ్గితే చక్కగా ఎక్కుతుందని కొంచెమే పోశానత్తా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఇదేమన్నా నీ రొట్టెల వ్యాననుకున్నావా?"

ఆ కారుకి పంపు లేదు. ట్యాంకు డ్యాష్‌బోర్డు వెనక ఎత్తున ఉంటుంది, పెట్రోలు దానంతటదే ఇంజనులోకి దిగాలి. ముక్కు పైకి లేస్తే ఆ కాస్తా దిగదు. వరుసలో నిలబడ్డాక మళ్లీ పోయనివ్వరు. థర్జా ముఖం సున్నం కొట్టినట్టయింది.

హెస్టర్ గట్టుమీది బూట్లకేసి చూసింది. నోరు మూసుకుంటే సరి, కారు దానంతటదే అద్దాల గదికి వెళ్లిపోతుంది, పంపిన పాపం తన మెడకి చుట్టుకోదు. కానీ యుద్ధం రోజులు గుర్తొచ్చాయి. పెట్రోలు చాలనప్పుడల్లా ఏమస్ కొండమీది వాళ్లమ్మ ఇంటికి కారును రివర్సులో, తోక ముందుగా తోలేవాడు.

"కారు తిప్పవే. ముక్కు లోయకి, తోక కొండకి. ముక్కు కిందికుంటే పెట్రోలు అదే దిగుతుంది."

జెండా పట్టుకున్న గార్సైడ్ పరుగున వచ్చాడు. ఏమస్ స్నేహితుడతను. "ఏం వదినా, అప్పుడే ఇంటికా? టీ అయినా తాగకుండా!"

"నీ నిబంధనల పుస్తకం తియ్యి. ముక్కే ముందు పోవాలని ఎక్కడైనా ఉందా?"

గార్సైడ్ వేలు తడిచేసుకుంటూ పుటలన్నీ తిప్పాడు. "లేదు. మా నాన్న రాసిందిది. ఇలాంటి మనిషి పుడుతుందని ఆయనకేం తెలుసు!"

గట్టుమీద జనం గొల్లున నవ్వారు. హెస్టర్ సీటుమీంచి వెనక్కి పాకి, కొండకేసి తిరిగి, తోకమీద గుర్రమెక్కినట్టు కూర్చుంది.

"నాకేం కనిపించట్లేదత్తా!"

"కళ్లు నావి, చేతులు నీవి. పోనీ!"

జెండా దిగింది. ఇంజను రొద పెడుతూ కారు తోక ముందుగా కొండెక్కసాగింది.

"ఎడమకి!"

"నీ ఎడమా, నా ఎడమా?"

"చర్చి వైపు! ఇంకా చర్చి వైపు! ఇప్పుడు ఏటి వైపు, మొద్దు ఉంది!"

ఏమస్ ఏటేటా ఓడిన మలుపు వచ్చింది. చక్రాలు ఉన్నచోటే తిరిగాయి. బురద ముఖాన కొట్టింది. హెస్టర్ ఎగిరింది. నడుము కలుక్కుమంది. మళ్లీ ఎగిరింది. నవ్వినవాళ్లే ఇప్పుడు "ఎగురు! ఎగురు!" అని ఆమెతోపాటు గట్టుమీద గెంతుతున్నారు. చక్రం కింద ఎక్కడో రాయి దొరికింది. కారు ఒక్క ఊపున మలుపు దాటి శిఖరంమీదికి వచ్చి నిలిచింది. ఇంజను ఇంకా ఆడుతూనే ఉంది.

థర్జా ఏడుస్తోంది. హెస్టర్ ఏడవలేదు. టోపీ తీసి, బురద దులిపి, పెళ్లిపీటమీద కూర్చున్నంత నిటారుగా తోకమీదే కూర్చుంది. నలభై ఏళ్లు పక్కసీటులో ఎగిరిన మనిషి, ఈవేళ తనే దారి చూపించి ఎక్కించింది.

లోవిక్ మోకాళ్లదాకా బురదతో రొప్పుతూ వచ్చాడు. "అమ్మా, మరి మ్యూజియం సంగతి..."

"దానికింకా పని ఉంది బాబూ. తీరిక లేదు."

ఆయన నవ్వి, టోపీ ఎత్తి సెలవు తీసుకున్నాడు. హెస్టర్ తోకమీద లేచి నిలబడి, ఆయన కనుమరుగయ్యేదాకా రెండు చేతులూ ఊపింది.