నా బొటనవేలికి తెలిసింది

ఆదివారం మధ్యాహ్నం నా మనవరాలు కార్తికకు సంచి సర్దాను. నీలం సంచి. రెండు చేతులు, మధ్యలో పొడుగు జిప్పు. అందులో రెండు నిక్కర్లు, మూడు బనియన్లు, కాలి ముందు ఎముకకు కట్టుకునే గార్డులు, పళ్ళకు పెట్టుకునే రబ్బరు ముక్క ఉన్న చిన్న డబ్బా, నీళ్ళ సీసా, పుట్టిన తేదీ కాగితం. హాకీ కర్ర సంచిలో పట్టదు. దాన్ని కార్తిక గోడకు ఆనించింది.

"అవ్వా, రెండు జతల సాక్సు అంటే రెండే. నాలుగు యాల?"

"తడిస్తే ఏమి చేస్తావు?"

"విరుదునగరులో ఎండకు కాకులే పడి చస్తా ఉండాయి. యాడ తడిసేది?"

నేను సాక్సులు తియ్యలేదు. ఆముదం బుడ్డి కూడా ఒక మూల దూర్చాను. ఆమె చూసి బయటికి తీసింది.

"ఇది వొద్దు. సార్ చూస్తే తిడతారు. గుడ్డ మాత్రం పెట్టు."

పాత నూలు చీరను నాలుగు వేళ్ళ వెడల్పున చించి, ఉతికి, చుట్ట చుట్టిన గుడ్డ అది. నేనే చించాను. సాక్సుల కింద పెట్టాను.

"అమ్మకు చెప్పొద్దు," అంది కార్తిక. "నువ్వు మాట ఇచ్చుండావు."

"ఇచ్చుండా."

మా ఊరు కోవిల్‌పట్టి నుంచి కళుగుమలై వెళ్ళే దారిలో ఉంది. కార్తిక తల్లి, నా కూతురు పాండిసెల్వి, అగ్గిపెట్టెల కంపెనీలో పని చేస్తుంది. అల్లుడు లారీ మీద ఉంటాడు. పిల్లను పెంచింది నేనే. ఆమెకు ఎనిమిదో ఏట, హాకీ నేర్పే సుందరరాజన్ సార్ చేతికి కర్ర ఇచ్చాడు. పదమూడు వచ్చేసరికి రోజూ తెల్లవారగానే కోవిల్‌పట్టి బస్సెక్కి మైదానానికి వెళ్ళేది. విరుదునగరులో దక్షిణ జిల్లాల పిల్లలకు మూడు రోజుల శిబిరం పెడుతున్నారు. అందులో నెగ్గితే స్పోర్ట్స్ హాస్టల్లో చోటు దొరుకుతుంది. పద్నాలుగు నిండితే ఆ చోటుకు వయసు దాటిపోతుంది. అందుకని ఆమెకు అదే ఆఖరు ఏడు.

ఆ ముందు ఏడు కూడా ఇదే శిబిరానికి పిలుపు వచ్చింది. బస్సు వచ్చే వేళకు నాకు గుండెలో నొప్పి అని పడుకున్నాను. నొప్పి లేదు. నా ఇంటి నుంచి సంచితో వెళ్ళినవాళ్ళు నాకు గుర్తున్నారు. మా అన్న ఖాకీ రంగు గుడ్డసంచితో కడంబూరు స్టేషనులో రైలెక్కాడు. నా మొగుడు రామకృష్ణన్ టిఫిన్ క్యారియర్‌తో సాత్తూరు బస్సెక్కాడు. అన్న తిరిగి రాలేదు. మొగుడి క్యారియర్ ఒక్కటే ఇంటికి వచ్చింది. ఇవి తలచుకుని పడుకున్నాను. నన్ను ఆసుపత్రికి తీసుకుపోయారు, శిబిరం అయిపోయింది. డాక్టరు ఏమీ లేదన్నాడు. కార్తిక నాతో పదకొండు రోజులు మాట్లాడలేదు. పన్నెండో రోజు, వచ్చే ఏడు ఏమి జరిగినా అడ్డం రానని నా చేత ఒట్టు వేయించుకుంది.

ఇక గుడ్డ సంగతి.

బుధవారం పొద్దున ఆటలో ఆమె కాలు లోపలికి మడతపడింది. సార్ అప్పుడే ఆట ఆపి కూర్చోబెట్టాడట. ఐసును గుడ్డలో చుట్టి పావుగంట పెట్టాలి, కాలు దిండు మీద ఎత్తి ఉంచాలి, రుద్దకూడదు, నూనె రాయకూడదు, మరునాటికి కాలు ఆనకపోతే ఎక్స్‌రే తీయించాలి అని చెప్పి, అవన్నీ అచ్చువేసిన తమిళ కాగితం ఒకటి చేతిలో పెట్టి పంపాడు.

మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. కార్తిక దారిలో అంగడిలో నాలుగు పుల్ల ఐసులు కొని, కాలి మీద పెట్టుకుంటూ వచ్చింది.

"ఇవి కరిగేలోపల వాపు పోవాల," అంది.

"కరిగితే?"

"తాగేస్తా. మేంగో."

రెండు తాగింది. నవ్వుతూనే ఉంది. తరువాత కాలు నా ముందు చాపింది.

"అవ్వా, నీ కాలు పెట్టు."

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. అలా పుట్టినవాళ్ళు కాలితో తాకితే పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. పదేళ్ళ వయసు నుంచి నా కాలి కిందికి జనం వస్తున్నారు. బావి పక్కింటి సుబ్బురాజ్ నెలకొకసారి నడుము పట్టుకుని వచ్చి బోర్లా పడుకుంటాడు. "పెళ్ళాం దినమూ తంతా ఉండాది పిన్నమ్మా, పట్టు వదల్లా. నువ్వు ఒక్కటి తన్ను," అంటాడు. బెణికిన కాలికి తన్నడం ఉండదు. నా కాలి బొటనవేలికి ఆముదం రాసి, నొప్పి ఎక్కడ పుట్టిందో వెదికి, అక్కడి నుంచి కిందికి జారుస్తాను. యాభై ఏళ్ళు దాటింది. చేతివేళ్ళకు కనిపించనిది నా బొటనవేలికి కనిపిస్తుంది.

బెణుకు ఎక్కడ ఉంటుందో నాకు తెలుసు. చీలమండకు బయటి వైపు, ఎముకకు కిందా కొంచెం ముందూ, మెత్తటి చోట. నూటికి తొంభై మందికి అక్కడే. కార్తికకు అక్కడ నొప్పి లేదు. లోపలి వైపు పొడుచుకువచ్చిన ఎముక మీద వేలు పెట్టగానే ఆమె తొడ దాకా బిగుసుకుంది. నేను వేలు తీసి, మళ్ళీ పెట్టాను. మెత్తటి చోట కాదు, ఎముక మీదే.

"నొస్తా ఉండాదా?"

"కొంజం."

"కొంజమా?"

"సుమ్మా ఉండు అవ్వా. జార్చు."

జార్చాను. బుధవారం, గురువారం, శుక్రవారం, మూడు పొద్దులు. వాపు పక్కలకు పరచుకుని తగ్గినట్టు కనిపించింది. పాండిసెల్వి చూసి మామూలు బెణుకు అనుకుంది. సార్ ఇచ్చిన కాగితం నేను చదివాను. మూడో తరగతి దాకా నేర్చిన తమిళం నాది, తెలుగు అక్షరాలు యాభై దాటాక నాకు నేనే దిద్దుకున్నాను. ఏ కాగితం దొరికినా కూడబలుక్కుని చివరి దాకా చదువుతాను. అందులో ఆరో వరుసలో ఇలా ఉంది: ఎముకను నొక్కితే నొప్పి ఉన్న పిల్లలను, నడవగలిగినా సరే, ఎక్స్‌రే తీయకుండా ఆటకు దింపకూడదు. నేను దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, కాలెండరు వెనక పెట్టాను.

ఆదివారం పొద్దున సార్ పరీక్ష పెట్టాడు. దెబ్బ తగిలిన కాలి మీద ఒంటికాలితో పదిసార్లు గెంతాలి. మొహం మారకూడదు. మారితే శిబిరం లేదు. కార్తిక ఇంట్లోనే నొప్పి మాత్ర వేసుకుంది. నేను గుడ్డ బిగించి కట్టాను. దాని మీద సాక్సు వేసుకుంది. నేనూ ఆమెతో మైదానానికి వెళ్ళాను.

పది గెంతింది. ఆమె మొహం నేను చూశాను. గోడలాగా ఉంది.

సుందరరాజన్ సార్ తమిళం మనిషి. నన్ను పాట్టీ అంటాడు, అవ్వ అని. నా కాలి వైద్యం గురించి ఎప్పుడూ పరిహాసం చేస్తాడు. ఆ రోజు పరిహాసం చేయలేదు. నా దగ్గరికి వచ్చి, "పాట్టీ, ఈమె నాకు నిజం చెప్పదు. మీరు చెప్పండి. కాలు ఎలా ఉంది?" అని అడిగాడు.

కార్తిక నీళ్ళ కుళాయి దగ్గర నిలబడి మా వైపు చూస్తోంది.

ఎముక మీద నొప్పి ఉందని నేను చెప్పాలి. చెబితే ఆమె వెళ్ళదు. కిందటేడు గుండె, ఈ ఏడు ఎముక, ముసలిదానికి ప్రతి ఏడూ ఒకటి అంటారు. కార్తిక ఇంక ఎప్పటికీ మాట్లాడదు. ఇవి అనుకున్నాను. ఇంకొకటి కూడా ఉంది. ఆమెను నేను ఆపాలనుకుంటున్నది కాలు చూసా, సంచి చూసా అన్నది నాకే తెలియలేదు. వెళ్ళే ప్రతివాళ్ళనీ ఆపాలనే నాకు అనిపిస్తుంది. అందుకని ఆ మనసును నమ్మలేదు.

"బాగుండాది," అన్నాను.

సార్ నవ్వాడు. "మీరే బాగుందంటే బాగున్నట్టే. ఊరు దాటి ఎవరినీ పంపని మనిషి మీరు. మీరు పంపుతున్నారంటే ఇంక నాకు భయం లేదు."

సార్ తన పుస్తకంలో కార్తిక పేరు పక్కన గీత గీశాడు.

సోమవారం పొద్దున కోవిల్‌పట్టి బస్టాండులో ఆమెనూ ఆరుగురు పిల్లలనూ బస్సెక్కించాము. ఆమె స్నేహితురాలు ఆర్తి కిటికీ దగ్గర కూర్చుని, "ఏమి అవ్వా, ఈసారి ఏడుపు లేదా? నీ నాటకం చూడను టిక్కెట్టు తీసుకుని వస్తిమే!" అంది. పిల్లలంతా నవ్వారు. పాండిసెల్వి కూడా నవ్వింది.

"మా అమ్మ ఈ ఏడు మారింది," అంది.

కార్తిక కిటికీలో నుంచి చెయ్యి చాపి నా చెవి పట్టి లాగింది. చిన్నప్పటి నుంచి అది ఆమె అలవాటు. బస్సు వెళ్ళింది. నాకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు.

బుధవారం సాయంత్రం ఫోను వచ్చింది. ఆఖరి ఆట. రెండు గోల్స్ కొట్టిందట. మూడోసారి బంతి కోసం పరుగెత్తి, ఎడమకు తిరిగింది. ఎవరూ తాకలేదు. కాలే లేనట్టు పడిందని ఆర్తి చెప్పింది.

నేనూ పాండిసెల్వీ సాత్తూరు మీదుగా బస్సులో విరుదునగరు వెళ్ళేసరికి కాలు చెక్కబద్దల మధ్య కట్టి ఉంది. డాక్టరు చిన్నవాడు. నల్లటి ఫిల్మును వెలుతురుకు పట్టి చూపించాడు. పిల్లల ఎముక చివర పెరిగే చోటు ఒకటి ఉంటుందని, అది తక్కిన ఎముక కంటే మెత్తనిదని, పెద్దవాళ్ళకు బెణికే దెబ్బకు పిల్లలకు అది చీలుతుందని చెప్పాడు. చీలిక వారం కిందటిది. అప్పుడు ముక్క కదలలేదు. అప్పుడే కట్టు వేసి ఆరు వారాలు నేల మీద ఆనించకుండా ఉంచితే అతుక్కునేదే. ఇప్పుడు ముక్క జారింది. మర మేకు బిగించాలి.

"ఎవరైనా రుద్దారా?" అని అడిగాడు.

పాండిసెల్వి నా వైపు చూసింది. నేను నోరు తెరిచాను.

"లేదు సార్," అంది కార్తిక. "ఎవరూ తాకలా. నేనే ఎవరికీ చెప్పలా."

డాక్టరు రాసుకున్నాడు. నేను నోరు మూసుకున్నాను. ఆ రోజు ఆమె పేరు మొదటి వరుసలో ఉందని సార్ తరువాత చెప్పాడు. హాస్టల్ చోటును ఆరు నెలలు ఖాళీగా ఉంచుతామన్నారట.

మర బిగించారు. ఆరు వారాలు కట్టు. కట్టు విప్పాక సార్ మా ఇంటికి వచ్చి నేర్పించాడు. పళ్ళు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడాలి. తరువాత దిండు మీద నిలబడాలి. తరువాత కళ్ళు మూసుకుని నిలబడాలి. పడకుండా కాలే తనను తాను పట్టుకోవడం నేర్చుకుంటుందట. ఈ పని దెబ్బ తగలకముందే వారానికి మూడుసార్లు పిల్లలందరి చేతా చేయించి ఉండాల్సింది అన్నాడు. వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకుంటూ నన్ను చూడకుండా అడిగాడు.

"బాగుందన్నారు గదా, పాట్టీ."

"ఆమా. అన్నాను."

సార్ రెండో చెప్పు వేసుకుని వెళ్ళిపోయాడు.

కార్తిక దిండు మీద రెండు నిమిషాలు నిలబడేది. నేను ఎదురుగా కూర్చుని లెక్కపెట్టేదాన్ని. ఆరో నెలలో ఎముక లోపలి వైపు పెరగడం ఆగిందని ఫిల్ములో కనిపించింది. బయటి వైపు పెరుగుతోంది. పాదం కొద్దికొద్దిగా లోపలికి వాలుతోంది. ఇంకొకసారి కోసి సరిచేయవచ్చు, నడకకు ఇబ్బంది ఉండదు, పరుగెత్తి తిరిగే ఆటలు మాత్రం వద్దు అన్నాడు డాక్టరు. కార్తిక తల ఊపింది. మేము తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పడుకుంది.

సార్ ఇప్పుడు ఎవరినీ అడగడు. బెణికిందంటే తన బొటనవేలితో తానే ఎముకను నొక్కి చూసి, పిల్ల మొహం ఏమి చెప్పినా ఎక్స్‌రేకు పంపుతాడు. పిల్లల కాళ్ళకు తెరపి ఇవ్వడానికి వారానికి రెండు రోజులు మైదానానికి తాళం వేస్తాడు. మరుసటి ఏడు ఆర్తికి మోకాలి కింద నొప్పి వస్తే ఎనిమిది వారాలు కూర్చోబెట్టాడు. ఆర్తి నా దగ్గరికి వచ్చి కాలు చాపింది. నేను నా కాలు వెనక్కి లాక్కున్నాను.

"ఆసుపత్రికి పో."

"ఏమి అవ్వా, నీ కాలికి గీర వచ్చిందా?"

"పో అంటా ఉండా గదా."

ఎనిమిది వారాల తరువాత ఆర్తి ఆడింది. ఇప్పుడు ఇంకొక ఊళ్ళో హాస్టల్లో ఉంది. సుబ్బురాజ్ కూడా నడుముకు వేరే ఎవరినో చూసుకున్నాడు.

కార్తిక కళుగుమలైలో చదువుతోంది. మంచి మార్కులే వస్తున్నాయి. ఆమె హాకీ కర్రతో పాండిసెల్వి ఎత్తున ఉన్న కిటికీ తలుపు మూస్తుంది. నీలం సంచిలో దుప్పట్లు పెట్టాము. అందులోని గుడ్డను నేను తీసి పొయ్యిలో వేశాను. ఎవరి మీదా ఎవరికీ కోపం లేదు. ఆమె నాతో మాట్లాడుతుంది. అన్నం పెట్టమంటుంది. నా చెవి లాగదు.

తెల్లవారగానే మైదానానికి వెళ్ళే పిల్లల బస్సు మా ఇంటి ముందే ఆగుతుంది. డ్రైవరు ఇప్పటికీ ఒక్క నిమిషం మా తలుపు వైపు చూసి, తరువాత బండి కదిలిస్తాడు.

2023వ సంవత్సరం మే నెల 17వ తేదీ బుధవారం సాయంత్రం తరువాత కార్తిక మళ్ళీ ఏ మైదానంలోనూ దిగలేదు.