పదిహేడో ఎక్కం

జుబేదాబీ టీచరుకు అనుమానం జాస్తి అని ఊళ్ళో పేరు. పాలామె చెంబు కింద పెట్టకముందే అందులో వేలు ముంచి చూస్తుంది. అంగట్లో బియ్యం కొంటే చాట అడిగి అక్కడికక్కడే చెరుగుతుంది. పిల్లవాడికి లెక్కలన్నీ సరిగ్గా వస్తే పక్కవాడి పలక కూడా తెప్పించుకొని చూస్తుంది. ఇంతటి అనుమానం మనిషి, అనుమానించాల్సిన ఒక్క చోట మాత్రం రెండు నెలలు నోరు మూసుకొని కూర్చుంది. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే తనను తానే తిట్టుకుంటుంది. తిట్టుకోవలసిందే.

గుమ్మఘట్టకు నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న ఆ ఊరి బడికి రెండు గదులు, ఒక వసారా. పాఠాలు చెప్పేది జుబేదాబీ ఒక్కతే. ఊడ్చడానికీ నీళ్ళు నింపడానికీ మారెక్క ఉంది. వసారాలో వేలాడే కంచు గంట మీద ‘దాత: శేషయ్య’ అని చెక్కి ఉంటుంది. ఒకప్పుడు అక్కడ రైలు పట్టా ముక్క ఉండేది. వేరుశనగ మండీ శేషయ్య దాన్ని తీయించి గంట కట్టించాడు. పేద పిల్లలకు పలకలు కొనిచ్చాడు. ఆయన ఎవరి మీదా గొంతెత్తి మాట్లాడగా ఊళ్ళో విన్నవాళ్ళు లేరు. ఆయన కూతురు రత్నమ్మ మూడో తరగతి. కన్నతల్లి పోయిన ఏడాదికే శేషయ్య గోరంట్ల నుంచి ఆదిలక్ష్మిని పెళ్ళి చేసుకొని తెచ్చాడు.

ప్రతి సోమవారం ప్రార్థన అయ్యాక జుబేదాబీ పిల్లల గోళ్ళు చూస్తుంది. అది 1964. వేసవి సెలవుల తర్వాత బడి తెరిచిన రెండో సోమవారం రత్నమ్మ చేతులు చాపినప్పుడు జాకెట్టు చెయ్యి పైకి జరిగింది. మోచేతికి పైన వేలి కణుపంత పొడుగున, సన్నగా, కాలిన గుర్తు కనిపించింది.

"ఇదేంది పాపా, కామెర్లకు వాత పెట్టించినారా?" అని అడిగింది జుబేదాబీ.

రత్నమ్మ టీచరు ముఖం వంక కాసేపు చూసి, తల ఊపింది.

"భయపడాల్సిందేమీ లేదు. చూడు, నాకూ ఉండాయి" అని జుబేదాబీ తన ఎడమ మణికట్టు చూపించి ముందుకు సాగింది.

ఆ ప్రాంతంలో వాత అంటే వింత కాదు. కామెర్లొచ్చినా, మూర్ఛ వచ్చినా, కడుపు ఉబ్బినా సూది కాల్చి పిల్లల ఒంటి మీద గీతలు పెడతారు. తరగతిలో సగం మందికి ఎక్కడో ఒకచోట ఆ గుర్తు ఉంటుంది. అసలు జుబేదాబీ నానీ, అంటే అమ్మమ్మ, పీరాంబీయే చుట్టుపక్కల ఏడు ఊళ్ళకు వాతలు పెట్టిన మనిషి. అందుకే టీచరు చూసింది, చూసి దాటిపోయింది. ఇంకో మూడు వారాలకు రెండో గుర్తు కనిపించింది. కామెర్లు తిరగబెట్టాయేమో అనుకుంది. మూడోది చూసి, ఎవడో పని రాని వైద్యుడి దగ్గరికి తీసుకుపోతున్నారని విసుక్కుంది.

నాలుగోది పాత గుర్తు మీదే పడింది. ఇంకా పచ్చిగా ఉంది. అప్పుడు గాని ఆమెకు నానీ చెయ్యి గుర్తు రాలేదు. నానీ కామెర్లకు వాత పెడితే ఎడమ మణికట్టు మీదే పెట్టేది. మూడే గీతలు. తర్వాత నలభై రోజులు ఉప్పు లేని పథ్యం. ఒకే పిల్లకు రెండోసారి పెట్టడం జుబేదాబీ తన బతుకులో చూడలేదు. ఈ పిల్ల నిన్ననే మధ్యాహ్నం ఊరగాయ నంజుకొని అన్నం తిన్నది.

గుర్తుల కంటే ఇంకో సంగతి ఆమెను ఎక్కువ బాధపెట్టింది. కామెర్లని రత్నమ్మ ఎన్నడూ చెప్పలేదు. ఆ మాట తానే అందించింది. పిల్ల తల ఊపింది, అంతే.

ఎవరు చేస్తున్నారని వెతకాల్సిన పని లేదనుకుంది. సవతి తల్లి ఉండగా ఇంకెవరు? ఆదిలక్ష్మి నడవడి కూడా అట్లాగే ఉంది. బడి తాళం తీయకముందే, ఇంకా పొద్దు సరిగ్గా పొడవకముందే, పిల్లను తెచ్చి వసారాలో కూర్చోబెట్టిపోతుంది. సాయంత్రం అందరి తల్లులూ వచ్చిపోయాక, దీపాలు పెట్టే వేళకు గాని రాదు. ఆదివారం సైతం "రొంతసేపు మీ దగ్గర ఉంచుకోండి టీచరమ్మా" అని జుబేదాబీ ఇంటి గడపలో వదిలిపెడుతుంది.

"కళ్ళ ముందర ఉంటే ఓర్చుకోలేదు ఆయమ్మ" అంది మారెక్క వసారా ఊడుస్తూ. "పిల్లను ఇంట్లో కాలు పెట్టనీకుండా చేస్తాండాది. పాపం, ఆయప్పకు తెలుసో తెల్దో."

ఆ సాయంత్రం జుబేదాబీ ఆదిలక్ష్మిని ఆపి, పిల్ల చేతి మీద అవేమిటని అడిగింది. ఆదిలక్ష్మికి ఇరవై రెండేళ్ళు కూడా ఉండవు. పైట చెంగును మణికట్టు దాకా లాక్కొని, నేల చూస్తూ నిలబడింది.

"కామెర్లకు పెట్టించిన వాతలే టీచరమ్మా."

"ఎవరు పెట్టినారు?"

"ఎవరో... పేరు తెలీదు" అని పిల్ల చెయ్యి పట్టుకొని గబగబా వెళ్ళిపోయింది. అబద్ధమని ముఖమే చెబుతోంది. జుబేదాబీకి ఇంకేం సాక్ష్యం అక్కర్లేకపోయింది.

ఇక ఎవరికి చెప్పాలి? ఆ ఊళ్ళో ఎవరైనా ఏం చేస్తారో ఆమె అదే చేసింది. ఇంట్లో ఆడమనిషి తప్పు చేస్తే ఇంటి మగమనిషికి చెబుతారు. మర్నాడు బడి వదలగానే నేరుగా మండీకి పోయింది.

మండీలో హమాలీ బాలప్ప గోనెసంచుల మూతులు దబ్బనంతో కుడుతున్నాడు. శేషయ్య కుంపటి ముందు కూర్చొని శాంపిల్ సంచులకు లక్క ముద్ర వేస్తున్నాడు. ఇంకో దబ్బనం మొన నిప్పుల్లో పెట్టి, ఎర్రబడ్డాక లక్కకు తాకించి, కరిగినదాన్ని ముడి మీద అంటిస్తున్నాడు. టీచరును చూసి లేచి కుర్చీ వేయించాడు. సోడా తెప్పించాడు. ఆమె చెప్పిందంతా అడ్డు రాకుండా విన్నాడు.

"పాప మీతో ఏమన్నా చెప్పిందా టీచరమ్మా?" అని అడిగాడు.

"లేదన్నా. నేనే చూసినా."

"మంచి పని చేసినారు నాతో చెప్పి. నేను చూసుకుంటా" అన్నాడు మెల్లగా. కరిగిన లక్కను ఊదుతూ మళ్ళీ అన్నాడు: "తల్లి లేని పిల్లని రోజూ నేనే పక్కన కూర్చోబెట్టుకొని చదివిస్తాండా. ఇరవయ్యో ఎక్కం దాకా వస్తాది దానికి. ఒక్కటి తప్పనీను."

అది నిజమే. మూడో తరగతిలో ఇరవయ్యో ఎక్కం దాకా తడుముకోకుండా చెప్పేది రత్నమ్మ ఒక్కతే. "చూసి నేర్చుకోండి" అని జుబేదాబీ ఆ పిల్లను ఎన్నోసార్లు తరగతి ముందు నిలబెట్టింది. ఎక్కాలు చెప్పినంతసేపూ పిల్ల పావడా అంచు నలుపుతుందని గమనించి కూడా, బిడియమనుకుంది.

సోడా తాగి, మనసు తేలికపడి, మండీ మెట్లు దిగింది. బీడు దాటి సగం దారి వచ్చాక కాళ్ళు ఆగిపోయాయి. పిల్ల ఒంటి మీద వాతలున్నాయంటే ఏ తండ్రైనా ఎవరు పెట్టారని అడుగుతాడు. ఎన్ని ఉన్నాయని అడుగుతాడు. ఈయన పిల్ల చెప్పిందా అని అడిగాడు. వేలి కణుపంత పొడుగు, సన్నటి గుర్తు. కుంపట్లో ఎర్రబడిన దబ్బనం మొన. తను ఎవరి మీద ఫిర్యాదు తీసుకొని ఎవరి దగ్గరికి పోయి వచ్చిందో అప్పుడు తెలిసింది.

వెనక్కి పోయి ఏం చెప్పాలో తోచక ఇల్లు చేరింది. మర్నాడు పొద్దు పొడవకముందే వసారాలో నిలబడి ఎదురుచూసింది. రత్నమ్మ రాలేదు. ప్రార్థన అయింది, హాజరు అయింది, పిల్ల రాలేదు.

మధ్యాహ్నం పిల్లలు అన్నాలకు పోయాక ఆదిలక్ష్మి వచ్చింది. రత్నమ్మను చంకనెత్తుకొని వచ్చింది, ఎనిమిదేళ్ళ పిల్లను. దించి, గోడకు ఆనించి కూర్చోబెట్టింది. పిల్ల కుడి అరచేతికి తడిగుడ్డ చుట్టి ఉంది.

"నిన్నెవరు చెప్పమన్నారు ఆయప్పకు?" అంది ఆదిలక్ష్మి. మీరు అనడం కూడా మానేసింది. "పొద్దున్నే ఏల తెచ్చి ఈడ పడేస్తాననుకున్నావు? ఆయప్ప మండీకి పోయేదాకా ఇంట్లో ఉండకూడదని. రాత్రి అన్నానికి వచ్చేలోపల పండుకోబెట్టేయాలని. అయినా లేపి కూర్చోబెట్టి ఎక్కాలు అడుగుతాడు. ఆదివారం మండీ ఉండదు, అందుకని నీ గడపలో వదిలినా. ఊర్లో నమ్మింది నిన్నొక్కదాన్నే. నువ్వు పోయి పాపను ఆయప్ప చేతికే ఇచ్చినావు."

"నాతో ఒక్కమాట చెప్పింటే..." అంది జుబేదాబీ.

"చెప్తే నమ్ముతావా? సవతి తల్లి మాట?"

తాను నమ్మి ఉండేది కాదని జుబేదాబీకి తెలుసు. సిగ్గుతో ముఖం మండిపోయింది. రత్నమ్మ ముందు నేల మీద కూర్చుంది. కామెర్లా అని అడగలేదు. నాయన కాల్చినాడా అని కూడా అడగలేదు. ఈసారి ఏ మాటా అందించదలుచుకోలేదు.

"ఏమైందో నువ్వే చెప్పు బంగారూ. నేను వింటా" అని ఊరుకుంది.

మారెక్క చీపురు పట్టుకొని గుమ్మంలో నిలబడిపోయింది.

"పదిహేడో ఎక్కంలో తప్పినా" అంది రత్నమ్మ చివరికి. "పదిహేడెనిమిదులు నూట ముప్పై ఆరు. నేను నూట ఇరవై ఆరు అన్నా. తప్పు నాదే టీచరమ్మా. నాయన ముందే చెప్పినాడు, తప్పితే దబ్బనం అని."

జుబేదాబీకి ఏడుపు తన్నుకొచ్చింది. తరగతి ముందు నిలబెట్టి మెచ్చుకున్న ప్రతిసారీ గుర్తొచ్చింది. అప్పుడే వసారాలో చెప్పుల చప్పుడైంది. మారెక్కకు పిల్లను అప్పగించి, లోపలి గది తలుపు మూయించి, ఆమె బయటికి వచ్చింది.

శేషయ్య ఒక్కడే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నుదుట బొట్టు, ఎప్పటి ముఖమే.

"పాపను పంపండి టీచరమ్మా. ఇంటి సంగతులు ఇంట్లోనే ఉండాల. ఈ ఊర్లో మీకు నేనేమన్నా తక్కువ చేసినానా? ఒక కార్డు రాస్తే చాలు, మీకు బదిలీ అవుతాది. నేను రాయలేదే" అన్నాడు, యోగక్షేమం అడిగినంత నెమ్మదిగా.

ఆమెకు భయం వేసింది. ఆయన కార్డు రాస్తే బదిలీ అయినట్టే. కానీ ఒకటి అర్థమైంది. ఈ మనిషి చేసేదంతా నాలుగు గోడల మధ్యే. నలుగురి ముందు ఈయన చెయ్యి లేవదు. జుబేదాబీ గంట తాడు అందుకుంది. ఆయన పేరు చెక్కిన గంటను రెండు చేతులా లాగి మోగించడం మొదలుపెట్టింది.

వేళ కాని వేళ బడి గంట మోగితే ఆ ఊళ్ళో ఒకటే అర్థం, ఎక్కడో గడ్డివామి అంటుకుందని. జనం బిందెలతో పరుగెత్తి వచ్చారు. వానల్లేని ఏడాది, బిందెల్లో సగానికి సగం ఖాళీవే. "యాడ మంట? యాడప్పా?" అని అరుస్తూ వచ్చినవాళ్ళకు పొగ కనిపించలేదు. మునసబు కుళ్ళాయప్ప రొప్పుతూ ముందుకొచ్చి, ఏమి సంగతని అడిగాడు.

జుబేదాబీ పిల్లను బయటికి తేలేదు. చూపించడానికి ఆ పిల్ల బొమ్మ కాదు. ఏం చెప్పాలో కూడబలుక్కుంటుండగా వెనకనుంచి ఆదిలక్ష్మి వచ్చి నిలబడింది. పెళ్ళై వచ్చిన నాటినుంచి మణికట్టు దాకా లాక్కునే చెంగును భుజం మీదికి వేసింది. మోచేతి నుంచి పైదాకా వేలి కణుపంత గుర్తులు. కొన్ని నల్లబడ్డాయి, కొన్ని ఇంకా ఎర్రగా ఉన్నాయి.

"లోపల పాప చేతికి ఇట్లాంటివే ఐదు ఉండాయి. కామెర్లకు అని అందరికీ చెప్పినా" అంది. "ఇవి కూడా కామెర్లకేనా, అడగండి ఆయప్పను."

"దానికి మతి సరిగా లేదు" అన్నాడు శేషయ్య. గొంతు ఎప్పటిలా మెల్లగానే ఉంది, కానీ ఈసారి ఆ మాట ఎవరూ చెవిన పెట్టలేదు.

తలపాగాలో దబ్బనం గుచ్చుకొని బాలప్ప జనంలో ఉన్నాడు. అందరూ అతనివైపు చూశారు. అతను తల దించుకున్నాడు. "కుంపట్లో దబ్బనం ఇంటికి తీసుకుపోకుండా మూడు మార్లు దాచినా" అన్నాడు. "ఆయప్ప ఇంకొకటి తెచ్చుకుంటాండె." తెలిసీ ఇన్నాళ్ళు ఊరకున్నవాళ్ళు అతనొక్కడే కాదని అక్కడున్న ముఖాలు చూస్తే తెలిసింది.

మునసబు శేషయ్యను చావిడికి తీసుకుపోయి కూర్చోబెట్టాడు. జుబేదాబీ జరిగినదంతా, తన తప్పుతో సహా, రెండు ప్రతులు రాసి ఒకటి పోలీసులకు ఇమ్మని మునసబు చేతికిచ్చింది. అనుమానం మనిషి కదా, రెండోది తన దగ్గరే పెట్టుకుంది. దారిలో పెద్దాసుపత్రిలో చెయ్యి చూపించి, గోరంట్లలో ఆదిలక్ష్మి పుట్టింటికి పిల్లను చేర్చాలని అనుకున్నారు. మూడు గంటల బస్సుకు ముగ్గురూ ఎక్కారు.

ఊరు దాటేదాకా రత్నమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తర్వాత టీచరు చీర చెంగు లాగింది.

"గోరంట్లలో ఎక్కాలు ఎవరు అడుగుతారు?"

"ఎవరూ అడగరు."

రత్నమ్మ ఆ మాటను నమ్మాలా వద్దా అన్నట్టు ఆదిలక్ష్మి వంక చూసింది. ఆదిలక్ష్మి తల ఊపింది. పిల్ల ఇంకా కొంతసేపు ఆలోచించి, బస్సులో ఎవరూ వినకుండా, చాలా మెల్లగా అడిగింది.

"అయితే పదిహేడోది మర్చిపోవచ్చునా టీచరమ్మా?"

పన్నెండేళ్ళుగా ఎక్కాలు చెబుతున్న జుబేదాబీ ఆ పిల్ల తల నిమిరింది.

"మర్చిపో తల్లీ" అంది.