మంచం మోసినవాళ్లు

మేనేజరు సారంగపాణి రోగాలు పంచిపెడుతున్నాడు.

"నీకు పచ్చకామెర్లు. నీకు గుండెనొప్పి. ఏయ్, నవ్వకు! నీ కాలిరిగింది, పట్టీ కట్టుకొని పండు."

"నాకు జర చిన్నదియ్యి సారూ," అంది బక్కమ్మ. "ముసలిదాన్ని, పెద్దది మొయ్యలేను."

వార్డంతా గొల్లున నవ్వింది. కళావతి నవ్వలేకపోయింది.

తెల్లకోటు తొడుక్కుని మంచాల వరుస మధ్య నిలబడిన కళావతి ఆ మెడికల్ కాలేజీలో రెండో ఏడాది విద్యార్థిని. నర్సంపేట రోడ్డు మీద, మూతపడ్డ పత్తి మిల్లుకు సున్నం కొట్టి కిషన్ రావు దొర పెట్టిన కాలేజీ అది. ఆయన ఊళ్లో కూలి సంఘం లేచి వెట్టి బంద్ చేసిన ఏడాది దొర భూములమ్ముకుని వరంగల్ చేరాడు. భూములు పండించని పంట సీట్లు పండించాయి. డొనేషన్ కట్టనిదే సీటు లేదు. కళావతి తండ్రి వీరభద్రం తన కిరాణా దుకాణంలో సగం అమ్మి కట్టాడు. ఇన్నాళ్లలో ఆమె అక్కడ చూసింది ఒక అస్థిపంజరాన్ని, ఇద్దరు లెక్చరర్లను. రోగిని చూడలేదు.

ఆ రోజు తనిఖీ. హైదరాబాదు నుంచి వచ్చే పెద్దలు మెచ్చితేనే కాలేజీకి గుర్తింపు, విద్యార్థులకు పరీక్ష. వాళ్లు మెచ్చాలంటే మంచాల మీద మనుషులుండాలి. అందుకే దొర తన పాత ఊరికి లారీ పంపాడు. పగలంతా పడుకుంటే కూలి, ఒక పూట బువ్వ. ఎండకాలం, పనుల్లేవు. కూలోళ్లు లారీ ఎక్కారు.

"ఈమెకేం రోగమిచ్చిన్రు?" అంటూ కళావతి మూలమంచం మీది మనిషి చేయి పట్టుకుంది. పెనం ముట్టుకున్నట్టయింది.

"మా సమ్మమ్మకు ఎవ్వలియ్యలేదు బిడ్డా, అది దానిదే." పక్క మంచం మీద లేచి కూర్చున్నాడు రాజమల్లు, సమ్మమ్మ పెనిమిటి. అతని కాలికి ఉత్తుత్తి పట్టీ. "వారం సంది జరం. లారీ దవాఖానకే పోతాందన్నరు. కూలికి కూలి, మందుకు మందు అని ఎక్కించుకొచ్చిన."

కళావతి సారంగపాణి దగ్గరికి పరుగెత్తింది. "సార్, ఆమెకు నిజంగనే జరమున్నది!"

కాలేజీ మేనేజరు ముఖం వెలిగింది. "మంచిదే గదమ్మా! అచ్చం పేషెంటు లెక్కనే కనబడ్తది. ముందటి మంచానికి మార్చున్రి."

మార్చారు. సమ్మమ్మ తల మీద గ్లూకోజు సీసా వేలాడదీశారు. దాని గొట్టం దిండు కింద ముగిసింది.

పెద్దలు వచ్చారు. ముందటి మంచం దగ్గర ఆగారు. "ఏం జబ్బు?" అని అడిగారు. నిజం చెప్పాలనుకుంది కళావతి. గొంతులో తండ్రి దుకాణం అడ్డం పడింది.

"టైఫాయిడ్ సార్. మందులిస్తున్నం."

పెద్దలు తలలూపారు, దొర బంగళాకు భోజనానికి వెళ్లారు. వాళ్ల వెనకే, ఆ పొద్దున్నే కాలేజీలో దిగిన తెల్లకోట్ల డాక్టర్లు కారెక్కారు. వార్డు ముందుకు లారీ వచ్చింది.

"లేవున్రి, లేవున్రి!" అరిచాడు సారంగపాణి. "అయిపోయింది."

"డాక్టరెప్పుడొస్తడు సారూ?" రాజమల్లు అడిగాడు.

"ఇంకెక్కడి డాక్టర్లు? వాళ్లు గూడ మీ లెక్కనే, ఇయ్యాళ్టి మందం కూలికొచ్చిన్రు."

సమ్మమ్మ ఎవరితోనో మాట్లాడుతున్నట్టు పలవరిస్తోంది. బక్కమ్మ లేవబోయి ఆగింది. సారంగపాణిని పైనుంచి కిందికి చూసింది.

"పొలంల వెట్టి ఇడిసిపెట్టినం. గిప్పుడు మంచంల వెట్టా? రోగమిచ్చినోనివి, మందియ్యవా? దాన్ని సూసేదాంక నేను లేవ."

మళ్లీ పడుకుంది. పక్క మంచం కిర్రుమంది. ఆ పక్కది కిర్రుమంది. ఆ కొసకు ఆ కొస వార్డంతా ఇనుప మంచాలు కిర్రుమన్నాయి. దొర కూలిచ్చి పడుకోబెట్టినవాళ్లు కూలి లేకుండా పడుకున్నారు.

వరండాలో విద్యార్థులు గుమిగూడారు.

"గుర్తింపు ఇంకా చేతికి రాలేదు," అన్నాడు వాళ్ల నాయకుడు గోపాల్. "గిప్పుడు లొల్లయితె మన గతేంది? మా నాయిన ఉన్న చెలక భూమి అమ్మిండు."

"మావోళ్లు ఇల్లు కుదవ పెట్టిన్రు," ఇంకో గొంతు.

మీటింగుల్లో ఏనాడూ నోరు తెరవని కళావతి తెరిచింది. "ఇంతకుముందు టైఫాయిడ్ అని చెప్పింది నేనే. టైఫాయిడ్ ఎట్లుంటదో నాకెర్క లేదు, గోపాల్. రేపు పాసయి బోర్డు పెట్టుకొని గూడ గట్లనే చెప్త. నా చేతిల ఎవలు బత్కుతరు?"

లోపలి నుంచి సమ్మమ్మ మూలుగు వినపడింది.

"డాక్టరు లేడు, బండి లేదు," గోపాల్ గొంతు తగ్గింది. "సర్కారు దవాఖానదాంక ఎట్ల తీస్కపోదాం?"

"మంచమున్నది గద బిడ్డా!" లోపలి నుంచి కేకేసింది బక్కమ్మ.

రాజమల్లు పట్టీ విప్పి పారేశాడు. సమ్మమ్మ మంచం నాలుగు కోళ్లకు నాలుగు భుజాలు. గేటు దగ్గర సారంగపాణి చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు.

"మంచం కాలేజీది! కింద పెట్టున్రి!"

మంచం ఆగలేదు. మనిషే పక్కకు తప్పుకున్నాడు. ఒక భుజం అలిస్తే ఇంకో భుజం వచ్చింది. కూలివాడి భుజం దిగితే విద్యార్థి భుజం ఎక్కింది. దారిలో కాశిబుగ్గ వాడలో మగ్గాలు ఆగాయి. సాలోళ్లు మగ్గం గుంటల్లోంచి లేచి వచ్చారు.

"ఎవలు సచ్చిన్రు?"

"ఎవ్వలు సావలే," అంది బక్కమ్మ. "సావనియ్యం."

కొత్తవాడలో నేతగాళ్లు కొత్త జంపఖానా తెచ్చి, నాలుగు కొసలు పట్టి సమ్మమ్మకు నీడ పరిచారు. ఆ నీడ మంచంతో పాటే నడిచింది. "దొంగ దవాఖాన!" అని గోపాల్ అరిస్తే, "బంద్ జేయాలె!" అని వీధి పలికింది. "డొనేషన్ల దందా!" "బంద్ జేయాలె!"

సర్కారు దవాఖానలో ఒక డాక్టరు పరుగున వచ్చాడు. సమ్మమ్మను లోపలికి తీసుకున్నారు. గేటు బయట పోలీసు వ్యాను కాచుకుని ఉంది. కళావతినీ, గోపాల్‌నూ, రాజమల్లునూ ఎక్కించారు. కిషన్ రావు దొర కేసు పెట్టాడు: కాలేజీ మంచం దొంగతనం.

జనం ఆగలేదు, వ్యాను వెంటే స్టేషన్ ముందుకొచ్చారు.

"మంచమెవలు మోసిన్రు? పేర్లు చెప్పున్రి," ఎస్సై కలం తీశాడు.

"నేను," అన్నాడు రాజమల్లు. "నేను," అంది గుమ్మంలోంచి బక్కమ్మ. "నేను," అన్నారు కొత్తవాడవాళ్లు. కిటికీల్లోంచి పేర్లు వచ్చి పడ్డాయి.

"నాలుగు కోళ్ల మంచం, గింతమందెట్ల మోసిన్రే?"

"గందుకే బరువు తెల్వలేదు సారూ," అన్నాడు రాజమల్లు.

అప్పుడే జనం పక్కకు జరిగింది. వీరభద్రం. పంచె మీద మిరప్పొడి మరకలు. దుకాణం మీది నుంచి అట్లాగే వచ్చాడు. కళావతి తల వంచుకుంది.

"షావుకారూ, మంచిగొచ్చినవ్," ఎస్సై గొంతు మెత్తబడింది. "తప్పయిందని బిడ్డతోటి మాఫీ రాయించు. సీటుంచుతనని దొర కబురు పంపిండు. రాయకుంటె సీటూ పోతది, కట్టిన డొనేషనూ రాదు."

వీరభద్రం బిడ్డ వైపు తిరిగాడు.

"ఆ మంచం మీదామె ఎట్లున్నదే?"

"బతుకుతదన్నరు నాయినా."

వీరభద్రం భుజం మీది కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"సారూ, దొర చేతి నుంచి ఒక్క పైస పెట్టలే. ఆ మంచాలు మా డొనేషన్లతోటి కొన్నయి. మా మంచం మా బిడ్డలు మోస్తె దొంగతనమెట్లయితది?"

"షావుకారూ..."

"రాయున్రి. వీరభద్రం, కిరాణం. ఇయ్యాల మోసేటప్పుడు నేను లేను. రేపు మిగిలిన మంచాలు మొయ్యనీకె వస్త."

ఎస్సై కలం ఆగిపోయింది. గుమ్మం దగ్గర ఎవరో ముసలి రైతు తలపాగా విప్పి చేతబట్టుకుని లోపలికి తోసుకొస్తున్నాడు.

"జర జరుగున్రి. నేను గోపాల్ నాయినను. చెలక అమ్మి కట్టిన. నా పేరు గూడ రాయమనున్రి."