అడుగున చెయ్యి

గేటు దగ్గర మా వదిన సంచీని సెక్యూరిటీవాడు నేలమీద బోర్లించాడు. భోజనం డబ్బా, దువ్వెన, దగ్గు మందు సీసా, చెమట తుడుచుకునే పాత గుడ్డ. అవి తప్ప ఏమీ పడలేదు. ఒక షిఫ్టు లోపలికి పోతోంది, ఇంకో షిఫ్టు బయటికి వస్తోంది. రెండు షిఫ్టులూ చూస్తుండగా సూపర్‌వైజర్ గొంతు చించుకున్నాడు.

"అగ్గిపెట్టె ఎక్కడ దాచావ్?"

"పొయ్యి తప్ప ఇంకేదీ వెలిగించి ఎరగనయ్యా నేను," అంది వదిన.

కొందరు నవ్వారు. అతను నవ్వలేదు. "పో ఇక. కబురు పంపేదాకా రాకు."

ముందురోజు మధ్యాహ్నం గోడౌన్‌లో రెండు వరసల బేళ్లు లోపలినుంచి రాజుకున్నాయి. పైన ప్లాస్టిక్ కవర్లు కరిగి పొగ కమ్మేసింది. లోడింగు పనివాడొకడు ఆ పొగలో పడిపోయాడు, ఆస్పత్రిలో ఉన్నాడు. ఆ బేళ్లమీద ప్యాకింగు చీటీ మా వదినది. అందుకని అక్కడ సిగరెట్ కాల్చింది ఆమే అన్నారు. లోడింగువాడికి ఏమన్నా అయితే ఆమె జైలుకే అన్నారు.

నేను గుంపులో నిలబడి చూశాను. వంగి ఆ దువ్వెన తీసి ఇవ్వడానికి కూడా ముందుకు పోలేదు. ఎందుకో చెబుతాను, తప్పించుకోను.

మీలో చదువుకునేవాళ్లు ఉంటారు, మా పని మీకు తెలియదు. మేం చేసేది గాజు ఊలు. గాజును కరిగించి సన్నటి పోగులుగా తిప్పుతారు, జిగురు చల్లుతారు, పెద్ద ఓవెన్‌లో కాలుస్తారు. జానెడు మందాన పసుపుపచ్చ పరుపులాగా బయటికొస్తుంది. ఎండ వేడి ఇంట్లోకి రాకుండా కప్పుల కింద పరిచేది అదే. మా కప్పు కింద మాత్రం లేదు. ఓవెన్‌లోంచి వచ్చాక ఆ పరుపు చిల్లుల బెల్టుమీద నడుస్తుంది. బెల్టు కింద ఐదు ఫ్యాన్లు గాలిని పైనుంచి కిందికి పీలుస్తాయి. చల్లారాక చుట్టి, అదిమి, కవరు తొడిగి బేళ్లు కడతాం. చల్లారకుండా చుడితే వేడి లోపలే ఉండిపోతుంది. గాజు అంటుకోదు, జిగురు అంటుకుంటుంది.

బెల్టుకీ చుట్టే యంత్రానికీ మధ్య బెత్తెడు ఖాళీ ఉంటుంది. పాతకాలం ప్యాకింగువాళ్లు చొక్కా చెయ్యి మడిచి, ఆ ఖాళీలోంచి పరుపు అడుగున అరచెయ్యి ఆనించి, ఐదు లెక్కపెట్టేవాళ్లు. ఓర్చుకోలేకపోతే బెల్టు ఆపేవాళ్లు. వదిన నాకు పని నేర్పిన మొదటిరోజు నేర్పింది అదే.

ఆరు నెలల క్రితం ఇంజనీరు ఒక కొత్త కన్ను తెచ్చి బెల్టుమీద బిగించాడు. అది పరుపు వేడి చూసి, ఎన్ని ఫ్యాన్లు తిరగాలో తానే చెబుతుందట. ఐదు ఫ్యాన్లు రెండయ్యాయి. కరెంటు సగానికి సగం తగ్గిందని, కరెంటు ఆదా బహుమతికి పోటీలో ఉన్నామని గేటుమీద బోర్డు కట్టారు. కరెంటు ఆదా అయితే మాకేం కడుపునొప్పి? కానీ ఆ వారమే ప్యాకింగువాళ్లంతా గ్లవుజులు తొడుక్కోవాలని, చెయ్యి పెట్టడం నిషేధమని కాగితం అంటించారు. మా భద్రత కోసమట! దగ్గుతుంటే మూతిగుడ్డ అడిగితే ఇవ్వనివాళ్లకి ఉన్నట్టుండి మా చేతులమీద ప్రేమ పుట్టింది. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

ఆ సాయంత్రం వదినవాళ్ల గదిలో కూర్చున్నాం. గది చాలక సగంమంది మెట్లమీద ఉన్నారు. మా అన్న మూలన తల వంచుకుని ఉన్నాడు. ఎవరూ ఎవరి మొహంలోకీ చూడటం లేదు. మొన్న మేం మూతిగుడ్డలు అడగాలనుకున్న సంగతి మేం అడగకముందే ఆఫీసుకి తెలిసింది. మోసింది ఎవరో మాకు తెలుసు, లేదా తెలుసనుకున్నాం. ఫ్యాన్ల మేస్త్రి. ఈ నెలలో మూడుసార్లు మేనేజరు గదిలోకి వెళ్లడం నేనే చూశాను.

సరిగ్గా అప్పుడే ఆయన మెట్లెక్కి వచ్చాడు.

"ఏం మేస్త్రీ, లెక్కేసుకుపోదామని వచ్చావా, ఎంతమందిమి ఉన్నామో?" అంది మెట్లమీద ఒకామె.

"తన్నండ్రా ముందు!" అన్నాడు ఓవెన్ మనిషి.

మేస్త్రి జేబులోంచి గుడ్డమూట తీసి విప్పాడు. అందులో పైన బిగించినదానిలాంటిదే ఇంకో కన్ను ఉంది.

"రెండు తెచ్చారు. ఒకటి పైన, ఒకటి అడుగున. చల్లగాలి పైనుంచి దిగుతుంది గదా, పైభాగం ముందు చల్లారుతుంది, అడుగు అన్నిటికంటే ఆఖర్న. అడుగున బిగించిన ఈ కన్ను ఐదు ఫ్యాన్లూ తిప్పాల్సిందే అంది. ఇంకేం ఆదా? బహుమతి ఎట్లా వస్తుంది? దీన్ని పీకేయమన్నారు. పీకింది నేనే."

"ఇన్నాళ్లూ ఏం చేశావు?" అన్నారు మెట్లమీదినుంచి.

"మూడుసార్లు పోయి చెప్పాను. మూడోసారి, నోరు మూసుకో లేదా ఇంటికి పో అన్నారు. మూసుకున్నాను."

"అబద్ధం! ఇది కూడా వాళ్లు ఆడించే నాటకమేమో!" అన్నాడు ఓవెన్ మనిషి. గది మొత్తం ఒక్కసారి అరిచింది. నాక్కూడా నమ్మబుద్ధి కాలేదు. కానీ ఆయన చెప్పింది నిజమని ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

ఇక దాచలేకపోయాను. "ఆ బేళ్లు చుట్టినరోజు నేను గ్లవుజు తీసి అడుగున చెయ్యి పెట్టాను. రెండు లెక్కపెట్టేలోపు కాలింది," అన్నాను. "కాగితం గుర్తొచ్చింది. గ్లవుజు తొడుక్కుని ఊరుకున్నాను. పక్కనే వదిన చీటీలు అంటిస్తోంది. ఆమెకి కూడా చెప్పలేదు."

మా అన్న తలెత్తి నావైపు చూశాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఏమ్మా ఆడపడుచా," అంది వదిన, "ఇంట్లో ఉప్పెక్కువైతే వీధంతా వినబడేట్టు చెబుతావే. ఇదొక్కటీ దాచావా?"

ఎవరూ నవ్వలేదు. ఆమె మేస్త్రివైపు తిరిగింది. "నిన్ను నమ్మాలో లేదో నాకు తెలియదు. ఈమెనీ నమ్మలేకపోతున్నాను. ఒకరి మాట ఒకరు నమ్మక్కర్లేదు. ఎల్లుండి బహుమతివాళ్లు చూడ్డానికి వస్తారు గదా. పరుపునే అడుగుదాం."

ఒప్పుకోవడానికి ఇంకో గంట పట్టింది. కొట్లాడుకున్నాం, కానీ అందరం ఒప్పుకున్నాం.

ఎల్లుండి వచ్చింది. తెల్లటోపీలు పెట్టుకుని ఏడుగురు అతిథులు షెడ్డులోకి వచ్చారు. బయట గేటు ఊచలు పట్టుకుని వదిన నిలబడింది. ఇంజనీరు కన్ను గురించి చెప్పాడు. మేనేజరు నవ్వుతూ పరుపుమీద అరచెయ్యి పరిచాడు. "చూడండి, ఎంత చల్లగా ఉందో!"

నేను గ్లవుజు తీసి కిందపడేశాను. "అడుగున పెట్టండి సార్."

"నీ పని నువ్వు చూసుకో."

"ఇదే సార్ మా పని."

చొక్కా చెయ్యి మడిచి, ఖాళీలోంచి అడుగున అరచెయ్యి ఆనించాను. గట్టిగా లెక్కపెట్టాను. ఒకటి, రెండు. మూడు అనలేకపోయాను. ఎర్రబడ్డ చెయ్యి పైకెత్తి చూపించాను. నా వెనక చీటీలామె పెట్టింది, ఆమె వెనక కవర్లవాడు పెట్టాడు. ఓవెన్ మనిషి వచ్చాడు, మేస్త్రి వచ్చాడు. సూపర్‌వైజర్ అరుస్తూనే ఉన్నాడు, వరస పెరుగుతూనే ఉంది.

అతిథుల్లో కళ్లజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ ఉంది. ఆమెకి కూడా అనుమానం వచ్చినట్టుంది. ముందుకొచ్చి, గాజులు వెనక్కి తోసుకుని, చెయ్యి కిందికి చాపింది.

మేనేజరు ఒక్క అంగలో వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు మేడమ్, కాలుతుంది!"

షెడ్డంతా విన్నది. ఇంజనీరు నేలచూపులు చూశాడు. మేస్త్రి వెళ్లి ఎర్ర బటన్ నొక్కాడు. బెల్టు ఆగింది. వదినని లోపలికి పిలిచేదాకా, ఐదు ఫ్యాన్లూ తిరిగేదాకా ఇది కదలదని చెప్పి అందరం బెల్టు చుట్టూ కూర్చున్నాం.

సాయంత్రానికి పోలీసులు వచ్చారు. కంపెనీ పరికరం దొంగిలించాడని మేస్త్రిని పట్టుకున్నారు. దొంగిలించింది అడుగు కన్నే. వ్యాను ఎక్కుతూ ఆయన నావైపు తిరిగాడు. "ఇప్పుడన్నా నమ్మావా అమ్మా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. వ్యాను వెనక గేటుదాకా పరిగెత్తాను. వదిన నా కాలిన చెయ్యి చూసి, ఆ పాత గుడ్డ తడిపి చుట్టింది. నా మొహం మాత్రం చూడలేదు.

మర్నాడు పొద్దునకి కూడా మేస్త్రిని వదలలేదు. ఆయన్ని వదిలేదాకా బెల్టు కదలదని గేటు ముందు మూడు షిఫ్టులూ కలిసి నిలబడ్డాయి. అందరి గ్లవుజులూ బోర్డు కింద కుప్పగా పడ్డాయి. అందరి చొక్కా చేతులూ మోచేతులదాకా మడిచి ఉన్నాయి. ముందు వరసలో వదిన ఉంది.

అదే సెక్యూరిటీవాడు సంచీ కోసం గ్లవుజు తొడిగిన చెయ్యి చాపాడు. వదిన ఇచ్చింది. అతను బోర్లించలేదు. అటూ ఇటూ చూసి, సంచీ తిరిగి ఇచ్చేసి, గొంతు తగ్గించి అడిగాడు.

"అక్కా, ఆ గోడౌన్‌కి కాపలా కాసేది కూడా మేమే. మేం కూడా రావచ్చా?"

వదిన అతన్ని పైనుంచి కిందిదాకా అనుమానంగా చూసింది.

"ముందు గ్లవుజు తియ్యి," అంది.