లిఫ్టు కప్పు మీద ఊపిరి

హలో... హలో... అందరికీ వినపడుతోందా? బాగున్నారా? పొయ్యి మీద ఏదైనా ఉంటే కట్టేసి రండి, నేను ఆగుతాను. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది, మాటలో తప్పులుంటే సర్దుకోండి. కానీ ఈ సంగతి కడుపులో దాచుకుని ఉండలేను.

నేను లిఫ్టు మెకానిక్‌ని. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు. మీరు లిఫ్టు లోపల నిలబడతారు, మేము దాని కప్పు మీద నిలబడతాం. పైన ఇనప తాళ్ళు, చుట్టూ చీకటి గోడలు, చేతిలో టార్చి. ఆ కప్పు మీదే డబ్బా విప్పుకుని అన్నం తిన్న రోజులున్నాయి. ఎప్పుడూ ఇద్దరం ఎక్కుతాం. నా జోడీ పేరు పొట్టి. ఆరడుగులుంటాడు, అందుకే ఆ పేరు. వాడు మీట నొక్కే ముందు "కదులుతున్నా" అని కేక వేస్తాడు. నేను "కదులు" అంటేనే లిఫ్టు కదలాలి. అది మా పనిలో కట్టుబాటు.

పోయిన ఏడాది ఒక ఆఫీసు బిల్డింగులో ఎవరూ ఏ మీటా నొక్కకుండానే బ్రేకు జారింది. లిఫ్టు రెండడుగులు కదిలి ఆగింది. ఆ రెండడుగుల్లోనే నేను కప్పుకీ గోడకీ మధ్య ఇరుక్కుపోయాను. టార్చి కిందికి పోయింది. రెండు గంటలు చీకట్లో ఉన్నాను. పొట్టీ మిగతావాళ్ళూ కలిసి బయటికి లాగాక చూస్తే ఒక పక్కటెముక విరిగింది, అంతే. "గట్టి పిండం" అన్నారందరూ.

ఎముకైతే అతుక్కుంది. నేనే అతుక్కోలేదు. లిఫ్టు తలుపు చప్పుడు వింటే చాలు, చొక్కా తడిసిపోయేది. ఇంట్లో బాత్రూముకి గడియ పెట్టుకోలేకపోయేవాణ్ణి. ఎవరూ లోపలికి రాకుండా గొంతెత్తి పాడుకుంటూ స్నానం చేసేవాణ్ణి. కొన్నాళ్ళు చూసి మా ఆవిడ తలుపు బయట కుర్చీ వేసుకుని కూర్చుంది.

"నేను కాపలా ఉన్నాను గానీ పాట ఆపండి. పక్కింటివాళ్ళు ఇల్లు మారేట్టున్నారు."

కంపెనీలో నన్ను స్టోరు గదిలో కూర్చోబెట్టారు. మరలు ఒక డబ్బాలో, బోల్టులు ఒక డబ్బాలో వేయడం నా పని. మా సూపర్‌వైజరు నాకన్నా చిన్నవాడు, మంచివాడు, మాట మాత్రం సూటి.

"పెద్దాయనా, నాలుగు నెలలు టైమిస్తాను. తర్వాత నా ముందు కప్పెక్కి కింద నుంచి పైదాకా వెళ్ళాలి. కుదరకపోతే ఇక మీకు స్టోరే ఖాయం."

ఇరవై ఎనిమిదేళ్ళ పని పోతే నేనిక ఎందుకు పనికొస్తాను? కంపెనీ డాక్టరు చెబితే కౌన్సెలింగ్ మేడం దగ్గరికి వెళ్ళాను. ఆమెకి మా అమ్మాయి వయసుంటుంది. గది మూడో అంతస్తులో. మెట్లెక్కి రొప్పుతూ వెళ్ళాను.

"తలుపు తెరిచి ఉంచమంటారా, మూయమంటారా?" అంది మొదటి మాటే.

"తెరిచే ఉంచండి మేడం."

జరిగింది వారం వారం కొంచెం కొంచెంగా చెప్పాలట, ఇష్టమైనంతే. దాంతోపాటు కొంచెం యోగా, కొంచెం ధ్యానం.

"నేను వంగితే మళ్ళీ లేవలేను మేడం."

"అయితే వంగకండి. కుర్చీలోనే చేద్దాం. ప్రమాదం అయిపోయిందని మీ బుర్రకి తెలుసు, మీ ఒంటికే ఇంకా కబురందలేదు. దానికి మెల్లగా చెబుదాం."

"కళ్ళు మూసుకోనా?"

"వద్దు, కిటికీ వైపు చూడండి. ఎక్కడ ఇబ్బందిగా ఉన్నా ఆపేయండి. నన్ను అడగక్కర్లేదు."

పాదాలు నేలకి ఆనించడం, చేతులు పైకెత్తి దించడం, ఊపిరి గమనించడం. ఇదేనా యోగా అనిపించింది. మా బావమరిదికి చెబితే వాడు పకపకా నవ్వాడు. వాడు ఫోనులో యోగా వీడియోలు చూసి ఇంటిల్లిపాదినీ చాప మీదికి ఈడ్చే రకం.

"బావా, కుర్చీలో యోగా ముసలాళ్ళకి. మగాడివైతే ఇది చెయ్యి."

గది చీకటి చేసి, వెల్లకిలా పడుకుని, కళ్ళు మూసి, అరవై లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలట. పందెం వేశాడు. నేను ఓడిపోవడమా? నలభైదాకా వచ్చాను. ఆ తర్వాత గది లేదు, బావమరిది లేడు. మళ్ళీ ఆ కప్పూ, ఆ గోడా! తేరుకునేసరికి వీధిలో ఉన్నాను, చెప్పుల్లేకుండా, చాప భుజాన వేసుకుని.

ఎదురింటాయన అడిగాడు, "ఏమండోయ్, ఏ ఊరికి ప్రయాణం?"

ఆ దెబ్బతో మళ్ళీ మొదటికొచ్చాను. స్టోరు గది తలుపు కూడా భయపెట్టసాగింది. సిగ్గేసి రెండు వారాలు మేడంకి చెప్పలేదు. మూడో వారం ఆమే పట్టేసింది. చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

"లిఫ్టులో ఇరుక్కున్నప్పుడు ఊపిరి ఎలా తీసుకున్నారు?" అని అడిగింది.

"బిగబట్టాను మేడం. గట్టిగా పీలిస్తే లిఫ్టు కదులుతుందేమోనని."

"చీకటి, కదలకుండా ఉండటం, ఊపిరి బిగబట్టడం. మరి ఇంట్లో చేసిందేమిటి?"

ఇన్ని లిఫ్టులు బిగించినవాణ్ణి, నా గదిలోనే ఆ లిఫ్టునీ బిగించుకున్నానన్నమాట.

"లిఫ్టు పైకెలా వెళ్తుందో నాకు చెప్పండి" అంది.

మన పని గురించి అడిగితే ఊరుకుంటామా? "తాడుకి ఇటు లిఫ్టు, అటు ఒక బరువు మేడం. బరువు కిందికి దిగుతుంటే లిఫ్టు తేలిగ్గా పైకి వస్తుంది."

"ఊపిరీ అంతే అనుకోండి. ముందు బరువు దించండి. వదలడం మీద పెట్టండి దృష్టంతా. పీల్చడం దానంతటదే వస్తుంది."

ఇది నాకు అర్థమయ్యే భాష! మూడు లెక్కతో పీల్చడం, ఐదు లెక్కతో వదలడం. కళ్ళు తెరిచే. బావమరిదికి లెక్కపెట్టే ఉద్యోగం ఇచ్చాను. వాడు చెవులు పట్టుకుని మరీ ఒప్పుకున్నాడు. నెల తర్వాత మా ఆవిడతో కలిసి ఒక అంతస్తు లిఫ్టులో వెళ్ళాను.

"పెళ్ళైన కొత్తలో కూడా నా చెయ్యి ఇంత గట్టిగా పట్టుకోలేదు మీరు" అంది. ఆ నవ్వులో రెండో అంతస్తు కూడా అయిపోయింది.

పరీక్ష రోజు వచ్చింది. తొమ్మిదంతస్తుల బిల్డింగు. కప్పు మీద నేను, పొట్టి, సూపర్‌వైజరు.

"కదులుతున్నా!"

"కదులు!"

మూడు అంతస్తులు బాగానే సాగింది. నాలుగో దగ్గర గ్రీసు వాసన గుప్పుమంది. ఛాతీ బిగుసుకుపోయింది. పళ్ళ బిగువున ఓర్చుకుంటే ఇంకో నిమిషంలో పైన ఉంటాం. ఆపమంటే, పక్కన సూపర్‌వైజరు... ఇక స్టోరే. కానీ ఊపిరి బిగబట్టానని నాకే తెలిసిపోయింది.

"ఆపు!" అన్నాను.

పొట్టి ఆపాడు. పాదాలు కప్పుకి ఆనించాను. ఎదురుగా తాడు మీద మెరుస్తున్న గ్రీసునే చూస్తూ మెల్లగా వదిలాను. ఐదు. మళ్ళీ ఐదు. పక్కన ఉస్సుమని చప్పుడు. పొట్టి కూడా నాతోపాటు వదులుతున్నాడు!

"ఒరేయ్, నీకేమైంది?"

"నువ్వు బిగబడితే నాకూ ఆడట్లేదన్నా!"

"కదులు" అన్నాను. ఏడో అంతస్తులో ఇంకోసారి ఆపించాను. తర్వాత తొమ్మిది వచ్చేసింది.

దిగాక సూపర్‌వైజరు చేతులు తుడుచుకుంటూ అన్నాడు, "రెండుసార్లు ఆపారు."

"అవును సార్." నా పని పోయిందనుకున్నాను.

"ఇన్నేళ్ళలో ఎప్పుడైనా ఆపమన్నారా?"

"లేదు సార్."

"నాకు మీతో ఉన్న భయం అదే. ఒంట్లో బాగున్నా లేకున్నా ఆపమని అడగని మనిషిని కప్పు మీదికి ఎలా పంపను? సోమవారం నుంచి రండి. ఆర్నెల్లపాటు ఐదంతస్తులు దాటొద్దు, పొట్టి పక్కన లేకుండా ఎక్కొద్దు."

ఐదంతస్తులంటే ఐదంతస్తులే! ఇప్పటికీ పదిహేను రోజులకోసారి మేడం దగ్గరికి వెళ్తున్నాను. కొన్ని రోజులు బాగుంటాయి, కొన్ని ఉండవు. మొన్న మాత్రం కప్పు మీదే డబ్బా విప్పాను. సగం పొట్టిగాడే లాగించేశాడు.

మీ చుట్టుపక్కల ఏదో పెద్ద దెబ్బ తగిలి, బయటికి మాత్రం "నాకేం, బాగానే ఉన్నా" అనేవాళ్ళు ఒకరుంటారు. ఫోను చూసి పందేలు వద్దని, మా మేడంలాంటి తెలిసినవాళ్ళ దగ్గరికి వెళ్ళమని చెబుతూ వాళ్ళకి ఈ కథ పంపండి. వాళ్ళ ఇంట్లోవాళ్ళకి కూడా పంపితే ఇంకా మంచిది. ఉంటాను మరి.